వానాకాలం ఫీల్డ్‌కి ముందు: పశువుల మందుల రెప్‌లకి కొన్ని జాగ్రత్తలు

జూన్ వచ్చిందంటే పశువుల మందుల వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఊపిరి ఆడదు. తొలకరి పడి పచ్చిక మొలవగానే గొర్రెలకి చిటుక రోగం, ఆవులకీ గేదెలకీ గొంతువాపు, జబ్బవాపు భయం మొదలవుతుంది. నట్టల మందులు, గోమార్ల మందులు, యాంటీబయోటిక్‌లు ఏడాదిలో ఎక్కువగా కదిలేది ఈ నెలల్లోనే. అందుకే చాలా కంపెనీలు ఎండాకాలంలో కొత్త రెప్‌లని, అంటే డాక్టర్లకీ షాపులకీ మందులు పరిచయం చేసి ఆర్డర్లు తెచ్చేవాళ్లని తీసుకుని, కొన్నాళ్లు ట్రైనింగ్ ఇచ్చి, బ్యాగు చేతికిచ్చి ఏరియాకి పంపేస్తాయి. ఆ బ్యాగుతో మొదటిసారి బయల్దేరే అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఈ జాగ్రత్తలు. మందు గురించి ట్రైనింగ్‌లో బోలెడు చెప్తారు. రెప్ పని ఎక్కడ ఆగిపోవాలో మాత్రం గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ. నా బాధంతా దాని గురించే.

ముందు సర్టిఫికెట్ సంగతి

మన దేశంలో పశువుల మందుల రెప్‌గా పనిచేయడానికి ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక లైసెన్సు ఏదీ లేదు. లైఫ్ సైన్సెస్ సెక్టార్ స్కిల్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ మెడికల్ సేల్స్ రిప్రజెంటేటివ్ ఉద్యోగానికి ఒక ప్రామాణిక సిలబస్ తయారుచేసింది. దాని ప్రకారం శిక్షణ తీసుకుని పరీక్ష పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. డాక్టరుతో ఎలా మాట్లాడాలి, రిపోర్టు ఎలా రాయాలి, స్టాకిస్టు (కంపెనీ సరుకు నిల్వ పెట్టి షాపులకి వేసే హోల్‌సేల్ వ్యాపారి) దగ్గర ఆర్డరు ఎలా తీసుకోవాలి వంటివి దాంతో వస్తాయి. పశువుల సంగతులు మాత్రం విడిగా నేర్చుకోవాల్సిందే. ఇది ఉంటే ఇంటర్వ్యూలో ఉపయోగమే, లేకపోయినా ఉద్యోగం రాకుండా పోదు.

జాగ్రత్త పడాల్సింది వేరేచోట. "మా కోర్సు చేస్తే వెటర్నరీ లైసెన్సు వస్తుంది, ఊళ్లో సూదులు కూడా వేసుకోవచ్చు" అని ఎవరైనా చెప్తే అక్కడ రూపాయి కూడా కట్టొద్దు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం, సెక్షన్ 30 ప్రకారం పశువైద్యం చేసే హక్కు రిజిస్టర్ అయిన పశువైద్యులకే ఉంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద గానీ, రాజేంద్రనగర్‌లోని పి.వి.నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కింద గానీ రెండేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా చదివినవాళ్లు సైతం డాక్టరు పర్యవేక్షణలో, ప్రభుత్వం చెప్పిన చిన్నచిన్న సేవలే చేయాలి. అలాంటప్పుడు ఏవో కొన్ని వారాల కోర్సు చేసినవాళ్లకి ఆ హక్కు ఎక్కడినుంచి వస్తుంది?

కంపెనీ ఇచ్చే ట్రైనింగ్‌లో ప్రొడక్టు లిస్టు బట్టీపట్టి పరీక్షలో మార్కులు తెచ్చుకోవడం పెద్ద కష్టం కాదు. ప్రతి మందుకీ నాలుగు ప్రశ్నలు అడిగి జవాబు రాసుకోండి. చూడి పశువుకి ఇవ్వొచ్చా? పాలిచ్చే పశువుకి ఇవ్వొచ్చా? ఇస్తే ఎన్ని రోజులు పాలు అమ్మకూడదు? డోసు ఎక్కువైతే ఏమవుతుంది? ఉదాహరణకి, నట్టల మందుల్లో అల్బెండజోల్‌ని చూడి మొదటి నెలన్నరలో ఇవ్వకూడదు. క్లోసాంటెల్ డోసు మించితే గొర్రెలు, మేకలు చూపు పోగొట్టుకుంటాయి. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చర్మం కిందే ఇవ్వాలి, నరానికి ఇవ్వకూడదు. ఇవి చెప్పకుండా ట్రైనర్ స్కీముల దగ్గరికి వెళ్లిపోతుంటే చెయ్యెత్తి ఆపి అడగండి. ఏమీ అనుకోరు. అనుకున్నా పర్లేదు.

బ్యాగులోంచి సూది తీయొద్దు

వానాకాలంలో రోజూ ఎదురయ్యే పరిస్థితి ఇది. మీరు డాక్టరుగారి కోసం పశువైద్యశాలకి వెళ్తారు. ఆయన ఏదో ఊరికి కేసుకి వెళ్లి ఉంటారు. బయట అరుగు మీద ఒక రైతు కూర్చుని ఉంటాడు. మీ టై, మీ బ్యాగు చూసి లేచి వస్తాడు. "సారూ, మా బర్రె పొద్దున్నుంచి లేస్తలేదు, గొంతు వాచింది, గురక పెడుతోంది. నీ సంచిల సూది ఉంటది కదా, జర వెయ్యి సారూ, పుణ్యముంటది" అంటాడు. ఆ బర్రె ఖరీదు లక్ష దాటొచ్చు. దాని పాల మీదే ఆ ఇల్లు నడుస్తూ ఉండొచ్చు. మీ బ్యాగులో నిజంగానే యాంటీబయోటిక్ శాంపిల్ ఉంటుంది.

వేయొద్దు. అమ్మొద్దు. ఊరికే కూడా ఇవ్వొద్దు. గొంతువాపు అయితే గంటల్లో ప్రాణం పోతుంది, నిజమే. కానీ అది గొంతువాపో, దొమ్మ రోగమో (ఆంథ్రాక్స్), పాము కరిచిందో మీకు తెలియదు. వెంటనే 1962కి ఫోన్ చేయించండి. రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం పిలిచే నంబరు అదే. ఆ తర్వాత డాక్టరుగారికి మీరే ఫోన్ చేసి లక్షణాలు చెప్పి, ఫోన్ రైతు చేతికివ్వండి. ఎప్పటినుంచి మేత మానేసింది, జ్వరం ఉందా, చూడిదా, పక్క పశువులు బాగున్నాయా అనేవి ముందే అడిగి పెట్టుకుంటే డాక్టరుకి సమయం కలిసొస్తుంది. రైతుకి మీరు చేయగలిగిన పెద్ద సాయం ఇదే.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. లైసెన్సు లేకుండా మందు అమ్మితే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద మూడేళ్లకి తగ్గని జైలు, లక్షకి తగ్గని జరిమానా పడొచ్చు. లైసెన్సు షాపుకి ఉంటుంది, స్టాకిస్టుకి ఉంటుంది. మీ బ్యాగుకి ఉండదు. "పర్లేదు తమ్ముడూ, ఊళ్లలో ఎవరు చూస్తారు, నాలుగు వయల్స్ అక్కడే ఇచ్చేసి డబ్బు తీసుకో" అని మీ మేనేజరే అన్నా సరే, పట్టుబడ్డ రోజున కేసులో ఉండేది మీ పేరే.

వయల్ చేతిలోకి తీసుకుని చూడండి

ఏరియాకి వెళ్లే ముందు ఒక సాయంత్రం మీ ప్రొడక్టులన్నీ మంచం మీద పరిచి, ఒక్కో లేబుల్ పూర్తిగా చదవండి. పశువుల మందు మీద పశువు తల బొమ్మ, మనుషులకి వాడరాదు, పశువుల చికిత్సకి మాత్రమే అన్న మాటలు స్పష్టంగా ఉండాలి. తర్వాత బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఎంత చల్లదనంలో ఉంచాలి అన్నవి చూడండి. అక్షరాలు మరీ చిన్నగా ఉంటే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

ఆ చిన్న అక్షరాల్లోనే విత్‌డ్రాయల్ పీరియడ్ ఉంటుంది. మందు వాడాక పాలు, గుడ్లు, మాంసం అమ్మకుండా ఆపాల్సిన రోజులు అవి. 2012లో వచ్చిన నిబంధన ప్రకారం లేబుల్ మీద అది ఉండాలి. ఏ మందుకైనా ప్రత్యేకంగా నిర్ణయించకపోతే పాలకీ గుడ్లకీ కనీసం 7 రోజులు, మాంసానికి కనీసం 28 రోజులు ఆగాలి. పొదుగువాపుకి మందు వాడిన గేదె పాలు మర్నాడే కేంద్రానికి పోస్తే ఆ యాంటీబయోటిక్ ఎవరి ఇంట్లోనో చంటిపిల్లల గ్లాసులోకి చేరుతుంది. పాడి రైతుతో మాట్లాడే అవకాశం వస్తే మందు గొప్పలకంటే ముందు ఈ రోజుల లెక్క చెప్పండి. అమ్మకం తగ్గుతుందని భయపడేవాళ్లని చూశాను. నిజం చెప్పిన రెప్ మాటకి డాక్టర్ల దగ్గర విలువ ఉంటుంది.

నిషేధించిన మందుల జాబితా మీ డైరీలో మొదటి పేజీలో ఉండాలి. నొప్పి మందు డైక్లోఫెనాక్‌ని పశువులకి వాడొద్దని 2006లోనే ఆదేశాలొచ్చాయి. ఆ మందు ఇచ్చిన పశువు చచ్చిపోతే, కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతిని అవీ చనిపోతాయి. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు కట్టుకున్న సంగతి ఆ ప్రాంతం వాళ్లకి తెలుసు. అక్కడ తిరిగే రెప్‌కి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి. అలాంటి నొప్పి మందులే అయిన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లని 2023లో, నిమెసులైడ్‌ని 2024 చివర్లో పశువులకి నిషేధించారు. రాబందులకి హాని చేయనివిగా తేలినవి మెలాక్సికామ్, టోల్ఫెనామిక్ యాసిడ్. కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ని 2019లోనే మాంసం, పాలు, గుడ్ల కోసం పెంచే జీవాలకి ఆపేశారు. ఏ షాపులోనైనా పాత స్టాకు కనిపిస్తే వెనక్కి పంపించేయమని చెప్పండి. కొత్త ఉత్తర్వులు వస్తూనే ఉంటాయి, కాబట్టి ప్రతి సీజన్ ముందూ కంపెనీ నుంచి తాజా జాబితా రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంకొకటి ఆక్సిటోసిన్ అనే హార్మోను. పాలు చేపడానికి రోజూ సూది వేయడం పశువులని హింసించడం కిందే లెక్క, చట్టరీత్యా నేరం. ఎవరైనా చాటుగా అడిగితే మాట అక్కడే తెంచేయండి.

టీకాల పెట్టె

టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలని అందరికీ నోటికొచ్చు. తప్పు జరిగేది మాత్రం చేరవేతలో. గొర్రెలు, మేకలకి వేసే, పొడిగా వచ్చే పీపీఆర్ టీకా వేడి తగిలితే పనిచేయదు. నూనె కలిపి చేసిన గాలికుంటు టీకా గడ్డకడితే చెడిపోతుంది. వేడి భయంతో ఐస్ మధ్యలో గుచ్చిపెట్టేవాళ్లే ఎక్కువ. సీసాకీ ఐస్ ప్యాకుకీ మధ్య మందపాటి అట్టముక్కో, పేపరో పెట్టండి. షాపులో ఫ్రిజ్ తెరిచి చూడండి. కూల్‌డ్రింకుల వెనక, ఫ్రీజర్ గోడకి ఆనుకుని టీకాలు ఉంటే పక్కకి జరిపించండి. గాలివానకి కరెంటు ఎన్ని గంటలు పోయిందో అడగండి. అనుమానం ఉన్న స్టాకుని బిల్లు చేయించొద్దు. పనిచేయని టీకా వేయించుకున్న మంద యజమాని తన గొర్రెలకి భయం లేదనే ధీమాతో ఉంటాడు. నష్టం అక్కడే జరుగుతుంది.

మీ ఒంటి సంగతి

టీకా క్యాంపుల్లో చేతిసాయం చేయమంటారు. సిరంజిలు అందించేటప్పుడు నూనె టీకా సూది వేలికి గుచ్చుకుంటే, ఆ క్షణంలో చుక్క రక్తం తప్ప ఏమీ కనిపించదు. సాయంత్రానికి వేలు ఉబ్బి నల్లబడటం మొదలవుతుంది. లోపలికి వెళ్లిన నూనె రక్తప్రసరణని ఆపేస్తే వేలే తీసేయాల్సి వస్తుంది. అందుకే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, పెట్టెలోని కాగితం డాక్టరుకి చూపించండి. పెయ్య దూడలకి వేసే బ్రూసెల్లా (పశువులు ఈసుకుపోయే రోగం) టీకాలో బతికున్న క్రిములు ఉంటాయి. అది గుచ్చుకున్నా, కంట్లో పడ్డా మనిషికి ఆ రోగం రావచ్చు. ఎదకి వచ్చేలా చేయడానికి వాడే క్లోప్రోస్టెనాల్ చర్మం గుండానే లోపలికి వెళ్తుంది. గర్భిణులకి గర్భం పోయే ప్రమాదం, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఊపిరి అందని ప్రమాదం ఉన్నాయి కాబట్టి ఆ సీసాని వాళ్లు ముట్టుకోనే కూడదు. ఈ రంగంలోకి అమ్మాయిలు వస్తున్నారు. ట్రైనింగ్‌లో ఈ మాట చెప్పకపోతే అది పెద్ద లోపం.

ఉన్నట్టుండి చచ్చిపడి, ముక్కు నుంచో వెనక నుంచో నల్లటి రక్తం కారుతున్న పశువు కనిపిస్తే దొమ్మ కావచ్చు. దగ్గరికి వెళ్లొద్దు, ఎవరినీ కోయనివ్వొద్దు. పశువైద్యశాఖకి చెప్పండి. కుక్కలున్న క్లినిక్కులు మీ ఏరియాలో ఉంటే రేబిస్ ముందస్తు టీకా వేయించుకోండి. వాన నీళ్లు నిలిచిన కొట్టాల్లోకి చెప్పులతో వెళ్లకండి, బూట్లు కొనుక్కోండి. పొంగే వాగు దగ్గర బండి ఆపేయండి, ఆ రోజు కాల్స్ (డాక్టర్లనీ షాపులనీ కలవడం) తగ్గితే తగ్గాయి.

కోళ్ల ఫారాలు చూసేవాళ్లకి

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు ఫారం చుట్టూ కిలోమీటరు వరకూ రాకపోకలు కట్టడి చేశారు, పది కిలోమీటర్ల వరకూ నిఘా పెట్టారు. ఒకే రోజు నాలుగైదు ఫారాలు తిరిగే రెప్ బూట్లు, బండి టైర్లు రోగాన్ని మోసుకెళ్లగలవు. షెడ్డులోకి వెళ్లాల్సిన అవసరం మీకు లేదు, ఆఫీసు గదిలోనే మాట్లాడండి. గేటు దగ్గర మందునీళ్లలో కాళ్లు ముంచమంటే ముంచండి. కోళ్లు చనిపోతున్న ఫారానికి వెళ్లాల్సి వస్తే దాన్ని ఆ రోజు చివర్లో పెట్టుకుని, అక్కడినుంచి నేరుగా ఇంటికెళ్లి స్నానం చేసి బట్టలు ఉతకండి. మీ ఇంట్లో పెరటికోళ్లు ఉంటే ఇది మరీ ముఖ్యం.

డబ్బు, కాగితాలు

సీజన్‌లో టార్గెట్ టెన్షన్ ఎలాగూ ఉంటుంది. నెలాఖరుకి పదిహేను వేలు తగ్గిందని సొంత డబ్బుతో బిల్లు కొట్టించుకోవద్దు. ఆ స్టాకు ఇంట్లో అటక మీద చేరుతుంది, ఎక్స్‌పైరీ అవుతుంది, వచ్చే నెల టార్గెట్ దానిమీద ఇంకా పెరుగుతుంది. అమ్మకానికి మించి స్టాకిస్టు మీద తోసినా అంతే, అది రిటర్న్ రూపంలో మీ మీదికే వస్తుంది. స్టాకిస్టు ఇచ్చిన చెక్కుకీ నగదుకీ రసీదు లేకుండా ఏదీ చేతులు మారకూడదు.

అపాయింట్‌మెంట్ లెటర్ లేకుండా ఏరియాలోకి దిగొద్దు. జీతం, డీఏ (రోజువారీ ఖర్చుల భత్యం), కిలోమీటరుకి పెట్రోలు ఖర్చు, నోటీసు గడువు అందులో రాసి ఉండాలి. ఉద్యోగం మానేటప్పుడు తేదీలతో సహా ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తీసుకోండి. డిగ్రీ ఉండి, మందుల వ్యాపారంలో ఏడాది అనుభవం ఉన్న వ్యక్తిని హోల్‌సేల్ డ్రగ్ లైసెన్సుకి కాంపిటెంట్ పర్సన్‌గా (అర్హత ఉన్న బాధ్యుడిగా) పెట్టుకోవచ్చు. పదో తరగతి వరకే చదివితే నాలుగేళ్ల అనుభవం చూపించాలి. రేపు మీరే ఒక పశువుల మందుల ఏజెన్సీ పెట్టుకోవాలనుకుంటే డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ అడిగే మొదటి కాగితాల్లో ఇదొకటి. కంపెనీ మూతపడ్డాక దానికోసం తిరగడం చాలా కష్టం, చేతిలో ఉన్నప్పుడే రెండు జిరాక్సులు తీసి ఇంట్లో పెట్టుకోండి.