మ్యూట్ చేసినా మోగుతోందా? గ్రూప్ ట్యాగుల మోత ఆపడం ఎలా

డిస్కార్డ్ లాంటి చాట్ యాప్‌లో ఒక సర్వర్‌ని, అంటే చాలామంది కలిసి మాట్లాడుకునే పెద్ద గ్రూప్‌ని, మ్యూట్ చేశారు. గంట తర్వాత చూస్తే దాని గుర్తు మీద ఎర్ర చుక్కలో 3 అని అంకె. లోపలికి వెళితే మిమ్మల్ని ప్రత్యేకంగా అడిగినవాళ్లు ఎవరూ లేరు. ఎవరో "@ఎవ్రీవన్ ఈ లింక్ ఓసారి చూడండి" అని అందరినీ కలిపి పిలిచారు, అంతే. మ్యూట్ పనిచేయట్లేదనుకుని చాలామంది ఇక్కడే విసిగిపోయి యాప్ నోటిఫికేషన్లన్నీ ఆపేస్తారు. దాంతో నిజంగా పేరు పెట్టి అడిగినవాళ్ల మెసేజ్ కూడా రెండు రోజులకు గానీ కంటపడదు.

అసలు మ్యూట్ పనే వేరు. మామూలు మెసేజ్‌ల సద్దు ఆపడం వరకే దాని బాధ్యత. ఎవరైనా మిమ్మల్ని పిలిస్తే మాత్రం చెప్పాలన్న మినహాయింపు చాలా చాట్ యాప్‌లలో దానితో పాటే ఉంటుంది. అందరినీ పిలిచే ట్యాగ్‌లో మీరూ ఉన్నారు కాబట్టి, యాప్ లెక్కలో అది మిమ్మల్ని పిలిచినట్టే. ఈ గుంపు పిలుపుని ఆపే మీట వేరే ఉంటుంది, అదీ కాస్త లోపల.

ముందు ఏ పిలుపో తేల్చుకోండి

డిస్కార్డ్‌తో మొదలుపెడదాం, ఈ గోల ఎక్కువగా అక్కడే. డెస్క్‌టాప్‌లో పైన ఉండే ఇన్‌బాక్స్ గుర్తు నొక్కి మెన్షన్స్ ట్యాబ్ తెరవండి. మిమ్మల్ని తాకిన ట్యాగులన్నీ వరసగా కనిపిస్తాయి. ఒక్కో మెసేజ్‌లో ఏ ట్యాగ్ ఉందో చూడండి. నాలుగు రకాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది.

@ఎవ్రీవన్ అంటే ఆ ఛానెల్ (సర్వర్ లోపల ఒక్కో విషయానికి విడిగా ఉండే చాట్) చూడగలిగిన ప్రతి ఒక్కరికీ వెళుతుంది, ఆన్‌లైన్‌లో లేకపోయినా సరే. @హియర్ ఆ క్షణంలో ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లకే. మూడోది రోల్ ట్యాగ్ (రోల్ అంటే కొందరు సభ్యులకు కలిపి ఇచ్చే గుంపు పేరు): సర్వర్‌లో చేరినప్పుడు మీరు ఎంచుకున్నదో, అడ్మిన్ ఇచ్చిందో, ఒక రోల్ పేరుతో ఆ రోల్ ఉన్నవాళ్లందరినీ పిలుస్తారు. నాలుగోది చాలామంది గమనించనిది, రిప్లై. మీ మెసేజ్‌కి ఎవరైనా రిప్లై ఇస్తే మామూలుగా అది మీ పేరుతో పిలిచినట్టే లెక్క. మొదటి మూడూ గుంపు పిలుపులు, నాలుగోది వ్యక్తిగతం. వీటి మందులు వేరు వేరు కాబట్టే ఈ వెతుకులాట. రోల్ ట్యాగ్ మోగుతుంటే ఎవ్రీవన్ మీట ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు.

డిస్కార్డ్‌లో చేయాల్సింది

1. డెస్క్‌టాప్‌లో అయితే సర్వర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి నోటిఫికేషన్ సెట్టింగ్స్ తెరవండి. ఫోన్‌లో అయితే ఆ గుర్తుని కాసేపు నొక్కి పట్టుకుని నోటిఫికేషన్స్‌లోకి వెళ్లండి.

2. అక్కడ ఆల్ మెసేజెస్, ఓన్లీ మెన్షన్స్, నథింగ్ అని మూడు ఎంపికలుంటాయి. ఓన్లీ మెన్షన్స్ పెట్టండి. నథింగ్ జోలికి పోవద్దు. అది పెడితే మీ పేరు పెట్టి పిలిచినా ఫోన్ మోగదు.

3. కిందికి వస్తే "సప్రెస్ ఎవ్రీవన్ అండ్ హియర్" అన్న మీట కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేయండి. అసలు పని ఇదే. మీట పేరులో సప్రెస్ ఉంది కాబట్టి ఆన్ చేస్తేనే మోత ఆగుతుంది. అలవాటుగా ఆఫ్ చేసి, ఇంకా మోగుతోందని తలపట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

4. రోల్ ట్యాగులు కూడా వద్దనుకుంటే దాని పక్కనే ఉన్న "సప్రెస్ ఆల్ రోల్ మెన్షన్స్" ఆన్ చేయండి. ఇది ఆ సర్వర్‌లోని అన్ని రోల్స్‌కీ ఒకేసారి వర్తిస్తుంది, ఒకటి ఉంచి ఒకటి తీయడం కుదరదు. మీరు మోడరేటరో (చర్చలను అదుపులో ఉంచే సభ్యులు), ఏదైనా చిన్న బృందంలో సభ్యులో అయితే దీన్ని ముట్టుకోకండి. మీ బృందాన్ని పిలిచే ట్యాగ్ కూడా ఇందులోనే కొట్టుకుపోతుంది.

5. ఒక ఛానెల్‌తోనే చిక్కు అయితే సర్వర్ మొత్తాన్ని మార్చక్కర్లేదు. ఆ ఛానెల్ పేరు మీద రైట్ క్లిక్ చేసి దాని నోటిఫికేషన్ సెట్టింగ్ విడిగా మార్చుకోవచ్చు. ఛానెల్‌కి పెట్టింది సర్వర్‌కి పెట్టినదాని కంటే పైచేయి. సర్వర్‌లో అంతా సరిగ్గా పెట్టినా ఒక్క ఛానెల్ మాత్రం ప్రతి మెసేజ్‌కీ మోగుతోందంటే, ఎప్పుడో దానికి విడిగా పెట్టి మర్చిపోయిన సెట్టింగ్ ఉందేమో చూడండి.

పాత ఎర్ర అంకెలు ఇంకా కనిపిస్తుంటే, డెస్క్‌టాప్‌లో సర్వర్ తెరిచి కీబోర్డు మీద షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. సర్వర్ మొత్తం చదివినట్టు మారిపోతుంది. ఒక్క ఛానెల్‌కే అయితే ఎస్కేప్ చాలు. తాత్కాలికంగా నిశ్శబ్దం కావాలంటే మ్యూట్‌కి 15 నిమిషాల నుంచి 24 గంటల దాకా గడువు పెట్టుకునే వీలుంది. పైన చెప్పిన సప్రెస్ మీటలు ఆన్‌లో ఉంటేనే ఆ మ్యూట్ అసలైన మ్యూట్ అవుతుంది.

రోల్ మోత: మీటకన్నా రోల్ తీసేయడం మేలు

చేరిన రోజు ఉత్సాహంగా ఈవెంట్లు, అప్‌డేట్లు, పోల్స్ అని అన్నింటికీ టిక్ పెట్టేస్తాం. ఆ టిక్కులే తర్వాత మోగేది. మీ పేరు మీద నొక్కితే మీకున్న రోల్స్ కనిపిస్తాయి. ఛానెళ్ల జాబితా పైభాగంలో ఛానెల్స్ అండ్ రోల్స్ అన్న చోటు ఉంటే అందులోకి వెళ్లి అక్కర్లేనివి తీసేయండి. కొన్ని సర్వర్లలో ఒక మెసేజ్ కింద ఎమోజీ నొక్కితే బాట్ (తనంతట తాను పనులు చేసే ప్రోగ్రామ్) రోల్ ఇస్తుంది. అలాంటిచోట సాధారణంగా అదే ఎమోజీని మళ్లీ నొక్కి వెనక్కి తీసుకుంటే రోల్ పోతుంది. రోల్‌తో పాటు కొన్ని ఛానెళ్లు కూడా కనిపించకుండా పోవచ్చు, తీసే ముందు అది చూసుకోండి.

రిప్లైల సంగతికొస్తే, ఏ సప్రెస్ మీటా వాటిని ఆపదు. మీట రిప్లై ఇచ్చేవాళ్ల దగ్గర ఉంది. రిప్లై రాసే పెట్టె పైన కుడివైపు @ ఆన్ అని ఉంటుంది, దాన్ని నొక్కితే ఆఫ్ అయి అవతలివాళ్లకు పిలుపు వెళ్లదు. రోజంతా మీతో మాట్లాడే ఒకరిద్దరికి ఈ సంగతి చెబితే సగం మోత తగ్గుతుంది.

స్లాక్, టెలిగ్రామ్, వాట్సాప్

ఆఫీసుల్లో ఎక్కువగా వాడే చాట్ యాప్ స్లాక్‌లో @ఛానెల్ అంటే ఆ ఛానెల్ సభ్యులందరికీ, @హియర్ అంటే అప్పుడు యాక్టివ్‌గా ఉన్నవాళ్లకే. ఛానెల్ నోటిఫికేషన్ సెట్టింగుల్లో ఈ రెండింటినీ పట్టించుకోవద్దని చెప్పే టిక్ ఒకటి ఉంటుంది. ఛానెల్‌కి ఛానెల్ విడిగా పెట్టుకోవాలి. బృందాల పేరుతో ఉండే యూజర్ గ్రూప్ ట్యాగులకు ఆ టిక్ వర్తించదు. ఆ గ్రూప్ నుంచి మీ పేరు తీయించుకోవడమే దారి. ఆఫీసు వర్క్‌స్పేస్ అయితే తీయించుకునే ముందు మీ బాస్‌కి ఒక మాట చెప్పడం మంచిది.

టెలిగ్రామ్‌లో అందరినీ పిలిచే పని చాలా గ్రూపుల్లో బాట్‌లు చేస్తాయి. అవి సభ్యుల పేర్లను విడతలు విడతలుగా ట్యాగ్ చేస్తాయి. అంటే మీ పేరే వాడుతున్నాయి కాబట్టి మ్యూట్ చేసినా దాటుకుని వచ్చేస్తాయి. అడ్మిన్‌తో ఆ బాట్‌ని తీయించడమో, దాని కమాండ్‌ని అడ్మిన్లకే పరిమితం చేయించడమో తప్ప వేరే శుభ్రమైన మార్గం లేదు. ఇంకో దొంగదారి పిన్ మెసేజ్. అడ్మిన్ "అందరికీ తెలియజేయి" అన్న ఎంపికతో పిన్ చేస్తే మ్యూట్ చేసినవాళ్లకూ మోగుతుంది. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లలోకి వెళ్లి పిన్డ్ మెసేజెస్ అన్నది ఆఫ్ చేస్తే అది ఆగుతుంది.

వాట్సాప్‌లో మ్యూట్ 8 గంటలు, 1 వారం, ఎప్పటికీ అని మూడు గడువులతో వస్తుంది. గ్రూప్‌ని ఆర్కైవ్ చేసి, ఆర్కైవ్‌లోనే ఉంచే సెట్టింగ్ పెడితే అది జాబితా పైకి రాదు. అయినా మిమ్మల్ని మెన్షన్ చేసినా, మీకు రిప్లై ఇచ్చినా తెలుస్తుంది. ఎక్కువ గ్రూపులకు ఇది చాలు.

మోత మీ సర్వర్‌దే అయితే

అడ్మిన్ ఒక మీట నొక్కితే వెయ్యిమంది వెయ్యిసార్లు నొక్కే పని తప్పుతుంది. డిస్కార్డ్‌లో సర్వర్ సెట్టింగ్స్‌లోని రోల్స్‌కి వెళ్లి, అందరికీ వర్తించే డిఫాల్ట్ పర్మిషన్లలో "మెన్షన్ ఎవ్రీవన్, హియర్ అండ్ ఆల్ రోల్స్" ఆఫ్ చేయండి. ఆ తర్వాత సభ్యులు @ఎవ్రీవన్ అని టైప్ చేసినా అది ఉత్త అక్షరాలే, ఎవరికీ మోగదు. ఒక్కో రోల్ తెరిచి "ఈ రోల్‌ని ఎవరైనా మెన్షన్ చేయవచ్చు" అన్నదాన్ని కూడా ఆఫ్ చేయండి. కొత్తగా చేరేవాళ్లకు డిఫాల్ట్ నోటిఫికేషన్‌ని ఓన్లీ మెన్షన్స్‌గా పెట్టండి.

ఇన్నీ చేశాక కూడా ఎవరో అందరినీ పిలవగలుగుతున్నారంటే రెండు చోట్ల వెతకండి. ఒకటి, ఛానెల్ పర్మిషన్లు. సర్వర్‌లో ఆపిన అనుమతికి ఏదో ఒక ఛానెల్‌లో ఆకుపచ్చ టిక్ ఉండిపోతే ఆ ఛానెల్ వరకు అదే చెల్లుతుంది. రెండు, బాట్‌లు. చేర్చేటప్పుడు తొందరలో అడ్మినిస్ట్రేటర్ హక్కు ఇచ్చేస్తారు. ఆ హక్కు ఉంటే మిగతా ఏ నిషేధమూ దానికి అడ్డు కాదు. ఒకే మెసేజ్‌లో పదులకొద్దీ పేర్లు ట్యాగ్ చేసే ఆకతాయిల కోసం ఆటోమోడ్‌లో (మెసేజ్‌లను దానంతటదే వడపోసే డిస్కార్డ్ సదుపాయం) మెన్షన్ స్పామ్ నియమం ఉంది. ఒక మెసేజ్‌కి ఎన్ని ట్యాగులు దాటకూడదో అంకె మీరే ఇవ్వవచ్చు. మామూలు మాటల్లో ఒకరు ఒకేసారి అయిదారుగురిని మించి పిలవరు, అంకె పెట్టేటప్పుడు అది గుర్తుంచుకోండి.

ప్రకటనల కోసం "అప్‌డేట్లు కావాలి" లాంటి రోల్ ఒకటి పెట్టి, ఇష్టమున్నవాళ్లే తీసుకునేలా చేయండి. రాత్రిపూట తప్పనిసరిగా రాయాల్సి వస్తే మెసేజ్ మొదట్లో @సైలెంట్ (ఇంగ్లిష్ అక్షరాల్లో @silent) చేర్చండి. ఎర్ర అంకె పడుతుంది కానీ ఫోన్లు మోగవు. పొరపాటున అందరినీ ట్యాగ్ చేశాక మెసేజ్ తీసేసినా మోగిన ఫోన్లు మోగినట్టే. పైగా లోపలికి వచ్చి చూసినవాళ్లకు ఏమీ కనిపించక "ఎవరు పిలిచారు?" అని మరో పది మెసేజ్‌లు పడతాయి. తీసేయకుండా, అదే మెసేజ్‌ని ఎడిట్ చేసి "పొరపాటున ట్యాగ్ అయింది" అని రాయండి. ఎడిట్ చేసినందుకు మళ్లీ ఎవరికీ మోగదు.