బత్తాయి, చీనీ, మోసంబి: మా నర్సరీ వెబ్‌సైట్‌ను గూగుల్‌లో పైకి తెచ్చిన తీరు

మా మామయ్యది బత్తాయి అంట్ల నర్సరీ. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డు పక్కన ఉంటుంది. మూడేళ్ల కింద దానికి వెబ్‌సైట్ చేయించాం. ఆర్నెల్లు గడిచినా సైటు చూసి ఫోన్ చేసినవాడు ఒక్కడు లేడు. "బిడ్డా, గా పైసలతోటి ఎన్ని కవర్లు నింపుకునేటోళ్లం" అని మామయ్య అన్నప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. చేయిద్దామని పట్టుబట్టింది నేనే మరి.

నేను చదివింది బీకాం. కోడింగ్ రాదు. పొద్దుగూకి కూలీలు వెళ్లిపోయాక, పిల్లాడికి అన్నం పెట్టి, ఆ తర్వాత ఫోన్‌లోనూ పాత ల్యాప్‌టాప్‌లోనూ చేసుకున్న పనులే ఇక్కడ రాస్తున్నాను. మీది కిరాణా కొట్టయినా, కోళ్ల ఫారమైనా, ట్యూషన్ సెంటరైనా ఇదే వరసలో చేసుకోవచ్చు.

ముందు, మీ సైటు అసలు గూగుల్‌లో ఉందా?

ర్యాంకు సంగతి తర్వాత. గూగుల్ పెట్టెలో ఇంగ్లిష్‌లో సైట్ అని కొట్టి, పక్కనే కోలన్ గుర్తు పెట్టి, మధ్యలో ఖాళీ వదలకుండా మీ సైటు అడ్రసు కొట్టండి. మీ పేజీలు వరసగా రావాలి. నేను కొట్టినప్పుడు ఒక్కటీ రాలేదు.

కారణం వెతకడానికి రెండు రోజులు పట్టింది, సరిచేయడానికి రెండు క్షణాలు. మా సైటును వర్డ్‌ప్రెస్ అనే, సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్‌తో చేశారు. దాని సెట్టింగ్స్‌లో రీడింగ్ అని ఒక పేజీ ఉంటుంది. దాని అడుగున, సెర్చ్ ఇంజిన్లు ఈ సైటును తీసుకోకుండా చూడమని ఒక గడి. సగం కట్టిన పేజీలు బయటపడకుండా సైటు తయారయ్యేటప్పుడు అందులో టిక్కు పెడతారు. మాకు సైటు చేసినాయన అప్పజెప్పేటప్పుడు దాన్ని తీయడం మరిచాడు. షట్టరు దించుకుని లోపల కూర్చొని గిరాకీ లేదని ఆర్నెల్లు ఏడ్చాం అన్నమాట. మీరు మాత్రం ఈ గడి చూడకుండా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి.

టిక్కు తీశాక, మీ సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో చేరండి. ఉచితం. సైటు మీదేనని నిరూపించడానికి గూగుల్ ఒక పొడుగాటి కోడు ఇస్తుంది. దాన్ని మీరు డొమైన్ (సైటు పేరు) కొన్న చోట, డీఎన్ఎస్ అనే సెట్టింగుల్లో టెక్స్ట్ రికార్డుగా అతికించాలి. తర్వాత సైట్‌మ్యాప్, అంటే సైటులోని పేజీల జాబితా, దాని అడ్రసు ఇవ్వాలి. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ సైట్‌మ్యాప్‌ను తనే తయారు చేస్తుంది, కాకపోతే పైన చెప్పిన టిక్కు ఉన్నంతకాలం అదీ ఉండదు. ముఖ్యమైన పేజీలు రెండు మూడింటికి అక్కడే ఉన్న యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లోకి వెళ్లి ఇండెక్స్ చేయమని, అంటే గూగుల్ జాబితాలోకి తీసుకోమని అడగండి. ఒక్కసారి అడిగితే చాలు, పొద్దున ఒకసారి మాపున ఒకసారి నొక్కితే పని తొందరగా కాదు. నేను నొక్కి చూశాను.

జనం ఏ మాట కొడతారో వాళ్ల నోటి నుంచే వినాలి

మా సైటు మొదటి పేజీ మీద మొదట ఏం ఉండేదంటే: "నాణ్యమైన సిట్రస్ నారు సరఫరాదారులు". చదవడానికి దర్జాగానే ఉంది. కానీ ఆ మాటతో మాకు ఒక్కరూ ఫోన్ చేయలేదు, చేయరు కూడా.

నర్సరీ టేబుల్ దగ్గర నెల రోజులు కూర్చున్నాను. మామయ్యకు ఎవరు ఫోన్ చేసినా స్పీకర్ పెట్టించి, అడిగినదాన్ని అడిగిన మాటల్లోనే నోటుబుక్‌లో రాసుకున్నాను. సరిచేయలేదు, శుద్ధి చేయలేదు. "రంగపూర్ మీద కట్టిన్రా, జంబేరి మీదనా?" (అంటు కట్టే వేరుమొక్కల రకాలివి.) "ఎకరానికి ఎన్ని పడతయ్?" "కొమ్మలు కొసల నుంచి ఎండుకుంట వస్తున్నయ్, ఏం కొట్టాలె?" "బండి కిరాయి మీదా మాదా?"

ఒకరోజు అనంతపురం నుంచి ఒకాయన "చీనీ మొక్కలు ఉండాయా?" అన్నాడు. ఫోన్ పెట్టాక, చీనీ అంటే వేరే రకమా అని అడిగితే మామయ్య పగలబడి నవ్వాడు. "బత్తాయినే బిడ్డా, రాయలసీమోళ్లు గట్ల అంటరు." హైదరాబాద్ నుంచి ఫామ్‌హౌస్‌ల వాళ్లు చేసినప్పుడు అదే మోసంబి అయిపోతుంది. కాయ ఒక్కటే, పేర్లు మూడు. మా సైటులో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు!

గూగుల్‌లో పైకి రావడం అనే పనిలో నాకు సగం దొరికింది ఆ నోటుబుక్‌లోనే. జనం వెతికే మాటలు (కీవర్డ్‌లు) చూపించే ఖరీదైన టూళ్లు ఉంటాయి, పెద్ద కంపెనీలకు పనికొస్తాయేమో. మనకు ఫోన్ ఉంది. అలాగని మూడు పేర్లనూ పేజీ నిండా పొట్టులా చల్లొద్దు. "బత్తాయినే రాయలసీమలో చీనీ అంటారు, హైదరాబాద్‌లో మోసంబి అంటారు" అని ఒక మాట సహజంగా రాస్తే చదివేవాడికీ అర్థమవుతుంది, గూగుల్‌కూ అందుతుంది. మన జిల్లా పేరుకే రెండు రాతలున్నాయి కదా, నల్లగొండ అనీ నల్గొండ అనీ. ఒకటి శీర్షికలో పెట్టాను, ఇంకోటి లోపల వచ్చేలా చూసుకున్నాను. ఇంగ్లిష్‌లో వెతికే ఫామ్‌హౌస్ వాళ్ల కోసం ఒక పేజీ విడిగా రాశాను. మెషీన్ అనువాదం అతికిస్తే "అంటు" అనే మాట ఎన్ని అవతారాలెత్తిందో చెప్పలేను.

ఒక ప్రశ్నకు ఒక పేజీ

నోటుబుక్‌లో ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఎకరానికి ఎన్ని మొక్కలని. దానికి పేజీ రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే జవాబు పెట్టాను: 20 అడుగుల ఎడంలో పెడితే ఎకరానికి 108 మొక్కలు. ఎకరం 43,560 చదరపు అడుగులు, మొక్కకు 400. లెక్క కూడా చూపించాను.

అక్కడితో ఆపితే ఆ పేజీ పదింటిలో పదకొండోది అయ్యేది. మన దగ్గర రైతు ఎకరాల్లో మాట్లాడడు, "రెండెకరాల పది గుంటలు" అంటాడు. కాబట్టి గుంటల్లో (ఎకరానికి 40 గుంటలు) పట్టిక వేశాను: 10 గుంటలకు 27, 20 గుంటలకు 54, 30 గుంటలకు 81. చూడబోతే చిన్న పట్టిక. మా సైటుకు అన్నిటికన్నా ఎక్కువ మందిని తెచ్చేది అదే, ఎందుకంటే ఆ లెక్క గుంటల్లో వేసి పెట్టినవాళ్లు నాకైతే ఇంకెక్కడా కనబడలేదు.

పేజీ శీర్షికలో ఆ ప్రశ్నే ఉండాలి, సంస్థ పేరు చివర్న ఉన్నా చాలు. గూగుల్‌లో శీర్షిక కింద కనిపించే రెండు లైన్ల వివరణ వల్ల ర్యాంకు పెరగదు, కానీ నొక్కాలా వద్దా అని మనిషి తేల్చుకునేది దాన్ని చూసే. కీవర్డ్స్ అని పేజీ కోడులో, బయటికి కనపడకుండా, ఒక మెటా ట్యాగు ఉంటుంది, దాని మీద కూర్చోకండి. ర్యాంకుకు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. ఇప్పటికీ దానికి డబ్బు తీసుకునేవాళ్లున్నారు.

పేజీ అడ్రసు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా పెట్టుకోండి. తెలుగులో పెట్టినా గూగుల్‌కు ఇబ్బంది లేదు గానీ, వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో చాంతాడంత అవుతుంది. అది చూసి వైరస్ అనుకున్నాడు మా మరిది.

తెలుగు సైట్లకే ఉన్న తంటా ఇంకోటి చెప్పాలి. మా పాంప్లెట్ మేటర్‌ను డీటీపీ అతను అను ఫాంట్లో కొట్టాడు. దాన్ని కాపీ చేసి సైటులో అతికిస్తే అంతా పిచ్చిగీతలు. అది యూనికోడ్ (ఫోన్లు, వెబ్‌సైట్లు తెలుగుగా గుర్తించే పద్ధతి) కాదు కాబట్టి ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తెలుగులా కనిపిస్తుందే తప్ప లోపల ఉన్నది తెలుగు అక్షరాలు కావు, గూగుల్‌కు అందులో "బత్తాయి" అన్న మాటే ఉండదు. పోనీ అని కొందరు పాంప్లెట్‌నే ఫొటో తీసి పెడతారు. ధరలు, రకాలు అన్నీ బొమ్మలో ఇరుక్కుపోతాయి. కూర్చుని ఫోన్ కీబోర్డులో మళ్లీ కొట్టుకోవడమే మేలు. నేను చాలావరకు నోటితో చెప్పి కొట్టించాను, తర్వాత తప్పులు దిద్దుకున్నాను.

మ్యాపులో చోటు

దగ్గరి గిరాకీ సైటు కన్నా ముందు మ్యాపులో చూస్తుంది. అక్కడ మన వ్యాపారం కనపడేలా చేసే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. అక్కడి వరసకు గూగుల్ చెప్పే లెక్కలు మూడు: అడిగినదానికి మీరు సరిపోతారా, ఎంత దూరంలో ఉన్నారు, ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. సరైన కేటగిరీ, నిజమైన పనివేళలు, మీరే తీసిన ఫొటోలు మన చేతిలో ఉన్నాయి. పేరు దగ్గర "నల్లగొండ బెస్ట్ బత్తాయి మొక్కలు" అని తోక తగిలించకండి, బోర్డు మీద ఉన్న పేరే ఉండాలన్నది నియమం.

మ్యాపులో మా చోటు చూపించే పిన్ను మొదట పక్క చేనులో పడింది. ఒకాయన ట్రాలీ తీసుకుని వరి మడిలోకి దిగాడు. పిన్ను మీరే స్వయంగా లాగి గేటు మీద పెట్టండి.

మొక్కలు తీసుకెళ్లిన వాళ్లను రివ్యూ రాయమని అడగొచ్చు. రాస్తే పది మొక్కలు ఉచితం అనకూడదు, అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం. మేం మొక్కలు నాటిన రెండు నెలలకు ఎలా ఉన్నాయని ఫోన్ చేస్తాం, బాగున్నాయన్నా లేవన్నా అందరికీ లింకు పంపుతాం. ఒకాయన "సగం ఎండిపోయినయ్" అని రాశాడు. తీసేయించాలని మామయ్య గోల. నేను కిందనే జవాబు రాశాను, ఏ నెలలో నాటారో, నీళ్లు ఎట్లా పెట్టారో అడిగి, పోయినవాటికి బదులు పంపుతామని. ఆ జవాబు చదివామని చెప్పిన వాళ్లు తర్వాత నలుగురైనా ఉంటారు.

ఫొటోలు తగ్గించడం

రైతు సైటు తెరిచేది చేను గట్టు మీద, సిగ్నల్ రెండు గీతలున్న చోట. గూగుల్ కూడా ఇప్పుడు సైటును మొబైల్‌లో కనిపించినట్టే చదువుతుంది. పేజీలో అన్నిటికన్నా పెద్ద బొమ్మ గానీ రాత గానీ 2.5 సెకన్లలోపు కనపడాలని దాని కొలత. గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ సైటులో అడ్రసు వేస్తే మీది ఎంతో చెబుతుంది. మా దాంట్లో ఫోన్‌తో తీసిన ఫొటోలు ఒక్కోటి 4, 5 ఎంబీ. వాటిని వెబ్‌పీ రకంలోకి మార్చి 150 కేబీ దగ్గరికి తెచ్చాను. ఒక సాయంత్రం పని. ఫొటోలు వాటంతటవే మారే మెరిసే స్లైడర్ ఒకటుండేది, పీకేశాను, ఎవరూ అడగలేదు.

నేను పోగొట్టుకున్నది

ఒక రోజు ఫోన్ వచ్చింది, "మేడమ్, 15 రోజుల్లో నంబర్ వన్, గ్యారంటీ". 12,000 కట్టాను. మామయ్యకు ఇప్పటికీ తెలియదు. వాళ్లు చేసిందల్లా మన సైటు లింకును ఎక్కడెక్కడో పేకాట సైట్ల కింద, భాష కూడా తెలియని పేజీల కింద అంటించడం. అలాంటి లింకుల పని పట్టడానికి గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది 2012లో! మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తనే రాసి పెట్టింది. అది డబ్బు కట్టాక చదివాను.

ఇంకో తెలివితక్కువ పని నా సొంతం. ఒకే పేజీని మిర్యాలగూడ, నకిరేకల్, హాలియా, చండూరు అని ఊరి పేరు మార్చి నలభై పేజీలు చేశాను. అదీ స్పామ్ లెక్కలోకే వస్తుంది. తీసేసి, ఏ ఊరికి బండి ఎంత కిరాయికి వస్తుందో ఒకే పేజీలో రాశాను.

పనికొచ్చిన లింకులు వేరే రకం. మాకు డ్రిప్ సామాను అమ్మే షాపు వాళ్లు వాళ్ల సైటులో మా తోట ఫొటో వేసి మా పేరుకు లింకిచ్చారు. వ్యవసాయం వీడియోలు చేసే కుర్రాడు అంటు కట్టడం చూపించమంటే మామయ్య పొద్దంతా చూపించాడు. వీడియో కింద ఇచ్చిన లింకు ర్యాంకుకు కలవదు గానీ, దాన్ని నొక్కి మనుషులొచ్చారు.

ఆ తర్వాత

వారానికోసారి, ఆదివారం, సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ అనే పేజీ తెరుస్తాను. చాలామందికి కనిపించి కొద్దిమందే నొక్కిన పేజీ ఉంటే శీర్షిక మారుస్తాను. పదో స్థానం నుంచి ఇరవయ్యో స్థానం మధ్య ఊగే ప్రశ్న ఉంటే ఆ పేజీలో ఏం లేదో చూస్తాను, సాధారణంగా జవాబు సగమే రాసి ఉంటాను. మార్చినవాటి ఫలితం వారాల్లో రావచ్చు, నెలలూ పట్టొచ్చు. అందుకే మేం ఎండాకాలం రాస్తాం, వానలు పడి గుంతలు తీసే నాటికి పేజీలు కుదురుకుని ఉంటాయి.

ఈ వారం నోటుబుక్‌లో కొత్త ప్రశ్న మూడుసార్లు పడింది, "పాత తోట తీసేసిన చేన్ల మళ్ల బత్తాయి పెట్టొచ్చా?" అని. మామయ్యను కూర్చోబెట్టి అడగాలి. ఆయన చెబుతుంటే రికార్డు చేస్తాను.