నిలకడ నీళ్ళలో కయాక్ విన్యాసాలు: ఎడ్జ్ నుంచి కార్ట్‌వీల్ దాకా

ఫ్రీస్టైల్ కయాకింగ్ అనగానే ఉరవళ్ళు తొక్కే ఏరు, అందులో నురుగు గుంట, ఆ గుంటలో బొంగరంలా తిరిగే చిన్న బోటు కళ్ళ ముందుకొస్తాయి. పోటీలు జరిగేది అలాంటి చోటే. కానీ ఆ విన్యాసాలకి పునాది వేసుకోవాల్సింది మాత్రం కదలని నీళ్ళలో, అంటే చెరువులోనో సరస్సులోనో స్విమ్మింగ్ పూల్‌లోనో. నేనుండేది అట్లాంటాలో. 2023లో ప్రపంచ ఫ్రీస్టైల్ చాంపియన్‌షిప్ జరిగిన కొలంబస్ (మా జార్జియా రాష్ట్రంలోదే) మాకు సుమారు రెండు గంటల దారి, ఆఫీసు రోజుల్లో వెళ్ళిరావడం అయ్యే పని కాదు, అందుకని సాయంత్రాలు లేక్ లేనియర్‌కి వెళ్ళేదాన్ని (1996 ఒలింపిక్స్‌లో రోయింగ్, స్ప్రింట్ కయాక్ పోటీలు జరిగిన సరస్సు అది). అక్కడ నేర్చుకున్నంత నేను ఏట్లో నేర్చుకోలేదు. ఏట్లో మీరు సగం తప్పు చేసినా ప్రవాహం తిప్పేస్తుంది, అదంతా మన ప్రతిభే అనిపిస్తుంది. చెరువులో అలా తిప్పిపెట్టేది ఏమీ ఉండదు. బోటు ముందు కొస లేచిందంటే మీరు లేపారు, లేవలేదంటే ఎక్కడో తప్పుంది, అంతే.

ముందు మాటలు కుదుర్చుకుందాం. బోటు ముందు కొసని ముక్కు అంటాను, వెనక కొసని తోక అంటాను. పాత తెలుగులో వీటికి అణియం, అమరం అని చక్కటి మాటలున్నాయి, కానీ అవి ఇప్పుడు చాలామందికి తెలియవు. ప్యాడిల్ చివర వెడల్పాటి భాగం బ్లేడ్. దానికి రెండు ముఖాలు: మామూలుగా ముందుకెళ్ళేటప్పుడు నీళ్ళని లాగే లోపలి ముఖం, వెనక ఉండే వీపు. ఎడ్జ్ అంటే బోటు పక్క అంచు.

బోటు విషయంలో రాజీ పడకండి. విహారానికి అద్దెకిచ్చే వెడల్పాటి కయాక్‌లో, పైన కూర్చునే రకంలో ఈ పనులు ఒక్కటీ జరగవు. వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి రిజర్వాయర్‌లో కయాక్ ఎక్కినవాళ్ళు చాలామందే ఉంటారు, ప్యాడిల్ పట్టడం, నడుము తిప్పి తెడ్డు వెయ్యడం అక్కడ బాగా అలవాటవుతుంది, అక్కడి నుంచి ముందుకి వెళ్ళాలంటే మాత్రం లోపల కూర్చుని, నడుముకి స్ప్రే స్కర్ట్ (బోటులోకి నీళ్ళు రాకుండా మూసే గుడ్డ) బిగించుకునే వైట్‌వాటర్ బోటు, అంటే ఉరవడి ఏళ్ళ కోసం చేసిన బోటు కావాలి. అసలైన ప్లేబోట్, అంటే విన్యాసాల కోసమే చేసిన బోటు, సుమారు 180 సెంటీమీటర్ల పొడవుంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా హాఫ్ స్లైస్ అనే రకం: ముక్కు లావుగా, తోక పల్చగా ఉంటుంది కాబట్టి తోకని ముంచడం తొందరగా వస్తుంది. రెండు కొసలూ పల్చగా ఉన్న పాత ప్లేబోట్లు సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ఇంకా మంచిది, చెరువులో కార్ట్‌వీల్‌కి (ముక్కు, తోక ఒకదాని వెంట ఒకటి మునుగుతూ బోటు చక్రంలా తిరగడం) వాటిని మించినవి లేవు. కంపెనీలు ప్రతి సైజుకీ ఇంత బరువు నుంచి ఇంత బరువు దాకా అని ఇస్తాయి. ఆ లెక్కలో మీరు పై అంచుకి దగ్గరగా ఉండేలా ఎంచుకోండి. బోటు మీ ఒంటికి మరీ పెద్దదైతే ఎంత బలం పెట్టినా మునగదు, లోపల ఉన్న గాలి మిమ్మల్ని పైకి తోసేస్తూనే ఉంటుంది.

కూర్చున్నాక తుంటి, మోకాళ్ళు, పాదాలు బోటుకి అతుక్కున్నట్టు ఉండాలి. ఖాళీ ఉన్నచోట ఫోమ్ ముక్కలు కోసి అంటించండి, ముఖ్యంగా పాదాల ముందు. మీరు తుంటి కదిపితే బోటు అదే క్షణంలో కదలాలి, ఒక సైజు పెద్ద చెప్పులేసుకుని పరిగెత్తినట్టు ఉండకూడదు. ప్యాడిల్ 185 నుంచి 195 సెంటీమీటర్ల మధ్య. హెల్మెట్, లైఫ్ జాకెట్ చెరువులో కూడా తప్పనిసరి. మీ ముక్కుకి (బోటు ముక్కుకి కాదు) క్లిప్ కొనుక్కోండి, చాలా చిన్న వస్తువు, కానీ అది లేకపోతే నాలుగోసారి బోల్తా పడేసరికి తల బరువెక్కి ఇంటికి వెళ్ళిపోవాలనిపిస్తుంది.

చోటు ఎంచుకునేటప్పుడు నీళ్ళు కనీసం రెండు మీటర్ల లోతు ఉండాలి, అడుగున రాళ్ళు, మోడులు ఉండకూడదు. బోటు నిట్టనిలువుగా దిగుతుంది, మీ తల కిందికి వెళ్తుంది, కాబట్టి ఈ లెక్క అంచనాతో సరిపెట్టుకోవద్దు, దిగి చూడండి. ఒక్కరే వెళ్ళకండి. స్కర్ట్ ముందున్న లూప్ లాగి బోటులోంచి బయటికి జారిపోవడం కళ్ళు మూసుకుని చెయ్యగలిగాకే మిగతావన్నీ.

ఇంకొకటి, భుజం. ఈ ఆటలో పోయేది భుజమే. మోచేతులు కిందికి, చేతులు ఎప్పుడూ ఛాతీ ముందు. బ్లేడ్ వెనక్కి వెళ్ళాల్సి వస్తే చెయ్యి కాదు, మొత్తం మొండెం తిరగాలి. నేను మొదటి నెలలో ఇది పట్టించుకోక చెయ్యి ఒక్కటే వెనక్కి చాపి తోశాను, ఆరు వారాలు జుట్టు దువ్వుకోడానికి కూడా ఎడమ చేతినే వాడాల్సి వచ్చింది.

ఇక ఎడ్జ్. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. స్టీలు పళ్ళేన్ని నీళ్ళ తొట్టిలో చదునుగా నొక్కండి, చెయ్యి నొప్పెడుతుంది కానీ పళ్ళెం దిగదు. దాన్నే అంచు మీద నిలబెట్టి దించండి, సర్రున దిగిపోతుంది. కయాక్ ముక్కు, తోక కూడా అంతే. చదునుగా ఉన్నంతసేపు నీళ్ళ మీద తేలతాయి, పక్కకి వంచితే కోసుకుంటూ లోపలికెళ్తాయి. కాబట్టి మొదటి రెండు వారాలు ఏ విన్యాసమూ వద్దు. ఎడమ మోకాలు పైకెత్తి బోటుని కుడి పక్కకి వంచండి, ఒళ్ళు మాత్రం నిటారుగా ఉంచండి, అలాగే సరస్సు అంతా ఒక చుట్టు తిరగండి. తర్వాత రెండో పక్క. మొదట్లో నడుము పక్కన కండరాలు వణుకుతాయి, ప్యాడిల్‌ని నీళ్ళకి ఆనించాలనిపిస్తుంది. పెద్ద సైకిల్‌ని కత్తెర తొక్కుడు తొక్కిన వాళ్ళకి ఈ దశ తెలుసు, పడిపోతానన్న టెన్షన్ ఉన్నన్నాళ్ళూ పడిపోతారు, నడుము తనంతట తను సర్దుకోవడం మొదలుపెట్టిన రోజు అది పోతుంది.

దీంతోపాటే రోల్, అంటే బోల్తా పడ్డ బోటుని లోపల కూర్చునే మళ్ళీ తిప్పడం. దాన్ని పూర్తిగా చెప్పాలంటే ఇంకో వ్యాసం రాయాలి, పైగా రోల్‌ని పక్కన ఒకరు నిలబడి నేర్పితేనే సరిగ్గా వస్తుంది. ఇక్కడ చలికాలంలో కయాక్ క్లబ్బుల వాళ్ళు ఇండోర్ పూల్స్‌లో రోల్ సెషన్లు పెడతారు, ఇండియాలో అయితే రిషికేశ్‌లో నేర్పే స్కూళ్ళున్నాయి. నేను చెప్పేది ఒక్కటే: బోటుని తిప్పేది తుంటి, తల అన్నిటికంటే చివర్న పైకి రావాలి. గాలి కోసం తల ముందు ఎత్తారా, మళ్ళీ కిందికే. రోల్ రాకుండా విన్యాసాలు మొదలుపెడితే పడ్డ ప్రతిసారీ ఈదుకుంటూ ఒడ్డుకెళ్ళి, బోటులో నీళ్ళు వంపి, మళ్ళీ ఎక్కాలి. గంటలో నాలుగు ప్రయత్నాలు కూడా అవ్వవు. రోల్ వస్తే అదే గంటలో నలభై.

మొదటి విన్యాసం స్టెర్న్ స్క్వర్ట్, తోక మునిగి ముక్కు ఆకాశంలోకి లేవడం. స్లాలమ్ పోటీల్లో (ఏటి మీద వేలాడే గేట్ల మధ్య నుంచి వెళ్ళే పందెం) గేటు చుట్టూ గబుక్కున తిరగడానికి వాడే పివట్ టర్న్‌కి ఇది దగ్గరి చుట్టం. ఎడమవైపుకి చేద్దాం. కాస్త వేగంతో ముందుకెళ్తూ కుడివైపు వెడల్పుగా ఒక స్వీప్ (అర్ధచంద్రాకారంలో తిప్పి వేసే తెడ్డు) వెయ్యండి, ముక్కు ఎడమకి తిరగడం మొదలవుతుంది. ఆ ఊపు పోకముందే మొండెం పూర్తిగా ఎడమకి తిప్పి, తోక వైపు చూస్తూ, ఎడమ బ్లేడ్‌ని తోక పక్కన దించండి. ఇప్పుడు ఎడమ మోకాలు ఎత్తి బోటుని కొంచెం కుడికి వంచి, బ్లేడ్ వీపుతో తోక దగ్గర్నుంచి ముందుకి, వెడల్పుగా తోయండి. తోక నీళ్ళని కోసుకుని దిగుతుంది. ఎక్కువమంది ఇక్కడ తోస్తున్న బ్లేడ్ వైపుకే బోటుని వంచేస్తారు, అప్పుడు తోక పైకొచ్చి బోటు చదునుగా గిర్రున తిరుగుతుంది తప్ప ముక్కు లేవదు. బ్లేడ్ ఎడమన ఉంటే వంపు కుడికి, ఇది తిరగబడకూడదు. ముక్కు లేచాక ఒళ్ళు ముందుకి తెచ్చి బోటుని సమం చెయ్యండి, లేకపోతే వీపు మీద పడతారు.

ఇది రెండు వైపులా పదిలో ఆరుసార్లు వచ్చాక డబుల్ పంప్. ముక్కుని నీళ్ళలో ముంచే పని. చెరువులో విన్యాసాలన్నిటికీ గుమ్మం ఇదే, చాలామంది ఆగిపోయేదీ ఇక్కడే, అందుకే నిదానంగా చెప్తాను. కుడివైపు చెప్తున్నాను, ఎడమకి అద్దంలో చూసినట్టు మార్చుకోండి.

బోటు ఆగి ఉంది. ఎడమ మోకాలు ఎత్తి కుడి ఎడ్జ్ మీదకి 45 డిగ్రీలు దాటేదాకా వంచండి. కుడి బ్లేడ్ పాదాల పక్కన నీళ్ళలో. దాన్ని తుంటి దాకా గట్టిగా లాగుతూ ఒంటిని కాస్త వెనక్కి వెయ్యండి. బోటు వంగి ఉంది కాబట్టి ముక్కు పక్కకి పోకుండా పైకి లేస్తుంది. మొదటి పంప్ అయింది, దాని పని ఎత్తు సంపాదించడం ఒక్కటే. బ్లేడ్ తుంటి పక్కకి రాగానే నీళ్ళలోంచి తియ్యకండి. మణికట్టు ముందుకి మడిచి, వేళ్ళ కణుపులు కిందికి తిరిగేలా చేస్తే బ్లేడ్ లోపలి ముఖం ఆకాశానికి, వీపు చెరువు అడుక్కి తిరుగుతాయి. ఇప్పుడు ఒంటి బరువంతా ముందుకి విసురుతూ ఆ బ్లేడ్‌ని కిందికి, ముందుకి నొక్కండి, రోట్లో రోకలి దించినట్టు. చూపు కుడి పక్కన నీళ్ళ మీద. ముక్కు మునుగుతుంది.

రెండు పంపుల మధ్య సమయమే దీని కిటుకు. ముక్కు పైకెళ్ళి ఒక్క రెప్పపాటు ఆగుతుంది చూడండి, సరిగ్గా అప్పుడు రెండోది పడాలి. ముందే నొక్కితే ఎత్తు దక్కదు, ఆలస్యమైతే ముక్కు చదునుగా పడి టప్‌మని చప్పుడొస్తుంది. ఆ చప్పుడే మీకు గురువు. చప్పుడొచ్చిందంటే ఎడ్జ్ వదిలేశారని కూడా అర్థం, భయపడి మోకాలు దించేస్తాం, తెలియకుండానే. బ్లేడ్ మీద బరువు ఉన్నంతసేపు మీరు పడిపోరు, అది ఊతకర్రలా మోస్తుంది, కాబట్టి మోకాలు ఎత్తే ఉంచండి. నాకు ఇది రావడానికి ఎండాకాలం అంతా పట్టింది. వచ్చిన రోజు మాత్రం బలం పెట్టిన గుర్తే లేదు.

ముక్కు నిలువుకి దగ్గరగా మునుగుతుంటే కార్ట్‌వీల్ దానంతట అదే పిలుస్తుంది. కుడి బ్లేడ్ నొక్కి ముక్కు మునిగింది, బోటు ఇంకా అటే తిరుగుతోంది. తల, భుజాలు బోటుకంటే ముందే కుడివైపుకి తిప్పేసి ఉంచండి, తడి బట్ట పిండినట్టు నడుములో మెలి ఉండాలి. ఆ మెలి విప్పుతూ ఎడమ బ్లేడ్‌ని పాదాల పక్కన దించి లాగండి, తోక దిగుతుంది. మళ్ళీ తల ముందు, కుడి బ్లేడ్ నొక్కు, ముక్కు దిగుతుంది. మధ్యలో ఎడ్జ్ మారకూడదు. బోటు మీ ముఖం ముందుకి వచ్చేదాకా ఆగి అప్పుడు తల తిప్పితే మెలి అయిపోయి చక్రం ఆగిపోతుంది. కొసలు మొదట రెండుసార్లు మునగాలి, తర్వాత మూడుసార్లు, అలా లెక్కపెట్టుకోండి.

ముక్కు మీద నిలబడటం, బో స్టాల్, ఇంకో దారి. డబుల్ పంప్‌తో ముక్కు ముంచాక చక్రం తిరగనివ్వకుండా తలని ఎదురు వైపుకి తిప్పి, రెండో బ్లేడ్‌ని కూడా నీళ్ళకి ఆనించండి. పాదాల మీద నిలబడినట్టే ఉంటుంది, ఫోమ్ ఎందుకు అంటించమన్నానో అప్పుడు తెలుస్తుంది. ముఖం వైపు పడిపోతుంటే బ్లేడ్లు నొక్కండి, వెనక్కి పడుతుంటే ఛాతీ ముందుకి తేవాలి. అయిదు సెకన్లు నిలబడగలిగాక లూప్, అంటే బోటుతో సహా ముందుకి పల్టీ, ప్రయత్నించవచ్చు: బోటు నీళ్ళలోంచి పైకి తేలే క్షణంలో పాదాలతో తన్ని లేచి, వెంటనే ముందుకి ముడుచుకుని బోటుని హత్తుకోవడం. కదలని నీళ్ళలో లూప్ కష్టం, తొందరపడకండి.

రెండు వైపులా సమంగా సాధన చెయ్యండి. పోటీల్లో ఒక్కో రైడ్ 45 సెకన్లు, ఒక విన్యాసానికి ఒక్కో వైపు ఒక్కసారే మార్కులు వస్తాయి, కుడివైపు ఎన్నిసార్లు చేసినా లాభం లేదు. పోటీలకి వెళ్ళే ఉద్దేశం లేకపోయినా నడుము ఒకవైపే గట్టిపడటం మంచిది కాదు. వారానికి రెండుసార్లు, గంట మించకుండా. అలిసిపోయాక భుజం వదులవుతుంది, దెబ్బలన్నీ అప్పుడే తగులుతాయి. ఒడ్డున ఎవరైనా ఉంటే ఫోన్‌లో వీడియో తియ్యమనండి, ఎడ్జ్ వదిలేసిన క్షణం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. చివరి పది నిమిషాలు ఏ విన్యాసమూ లేకుండా రోల్స్ మాత్రం, అయిదు కుడి, అయిదు ఎడమ. తర్వాత బోటు వెనకున్న ప్లగ్ తీసి నీళ్ళు వంపెయ్యండి, స్కర్ట్‌ని నీడలో ఆరెయ్యండి.