ఆగకూడని కంప్యూటర్లను నమ్మదగినవిగా తీర్చిదిద్దే విధానం

ఆసుపత్రి రక్తనిధి, ఓడరేవు క్రేన్లు వంటివి ఆధారపడే కంప్యూటర్లను కొనేముందు, అవి ఎంతసేపు ఆగితే ముప్పు మొదలవుతుందో రాసుకోవాలి. 99.9 శాతం సమయం పనిచేసే వ్యవస్థ కూడా ఏడాదిలో దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగవచ్చు, 99.99 శాతమైతే సుమారు 52 నిమిషాలు. ఆ వ్యవధి అంతా ఒకే రాత్రి రావచ్చు.

ఒక సర్వర్ ఆగితే రెండోది అందుకునే ఏర్పాటు చాలామంది చేస్తారు. ఆ రెండూ ఒకే కారణంతో ఆగిపోయే వీలుందా అని వెతికేవారు తక్కువ. నా దృష్టిలో అసలు పని అదే. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలో గమనాన్ని తెలిపే కంప్యూటర్లు రెండున్నా, రెండింటిలోనూ ఒకే సాఫ్ట్‌వేర్ ఉన్నందున, 64 బిట్ల పెద్ద సంఖ్యను 16 బిట్ల చిన్న జాగాలోకి మార్చే చోట రెండూ ఒకే లోపంతో ఆగిపోయాయి. సుమారు 40 సెకన్లలో రాకెట్ ధ్వంసమైంది. అందువల్ల కరెంటు లైను, నెట్‌వర్క్ స్విచ్, డిస్కుల బ్యాచ్, గది, సాఫ్ట్‌వేర్ వెర్షన్, చివరికి పాస్‌వర్డ్ తెలిసిన ఉద్యోగి వరకు, రెండు సర్వర్లకూ ఉమ్మడిగా ఉన్న ప్రతిదాన్నీ జాబితా రాసి, వీలైనంతవరకు విడదీయాలి.

విశాఖపట్నంలో ఆ జాబితాలో సముద్రాన్నీ చేర్చాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఇక్కడ తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు ఒకేసారి పోయాయి. చాలాచోట్ల రోజుల తరబడి తిరిగి రాలేదు. జనరేటర్ అందుకునేదాకా బ్యాటరీతో కరెంటు ఇవ్వడమే యూపీఎస్ పని కనుక, జనరేటర్‌ను నీరు చేరే సెల్లార్‌లో కాక ఎత్తయిన చోట బిగించి, డీజిల్‌ను కొన్ని రోజులకు సరిపడా ముందే నిల్వ చేయాలి. ఒక సర్వర్ బీచ్ రోడ్డులో, మరొకటి గాజువాకలో ఉంటే తుపాను దృష్టిలో రెండూ ఒకేచోట ఉన్నట్టే. రెండోదాన్ని సముద్రానికి దూరంగా ఉన్న హైదరాబాద్ వంటి నగరంలో ఉంచాలి. ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పుపడతాయి కాబట్టి సర్వర్ గది తలుపులు, కిటికీలు బిగుతుగా ఉండాలి.

రెండో సర్వర్ ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు, ఎందుకంటే రెండోది మొదటిదాన్ని ఎప్పటికప్పుడు నకలు చేస్తుంటుంది కనుక, పొరపాటున చెరిపేసిన నమోదు అక్కడ కూడా క్షణాల్లో చెరిగిపోతుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర సాఫ్ట్‌వేర్) చేరలేనట్టు, నెట్‌వర్క్‌కు తగిలించని నకలు ఒకటి విడిగా ఉండాలి. దాని నుంచి సమాచారాన్ని తిరిగి నిలబెట్టే పరీక్షను, రోజూ ఆ పని చేయని ఉద్యోగి చేత, రాసిపెట్టిన సూచనల ఆధారంగానే చేయించాలి. అతను ఎక్కడ తడబడితే సూచనలను అక్కడ సరిదిద్దాలి. అక్టోబర్, నవంబర్ తుపానులకు ముందే, పగటిపూట, అందరికీ తెలియజేసి మెయిన్ కరెంటు తీసి చూడాలి.

అన్నీ ఆగిన వేళకు ముద్రించిన రిజిస్టర్లు సిద్ధంగా ఉంచి, వ్యవస్థ తిరిగి లేచాక ఆ నమోదులను రాసిన సమయంతో సహా ఎవరు ఎక్కిస్తారో, ఎవరు సరిచూస్తారో ముందే నిర్ణయించాలి.