రక్తం తీయడానికి మాంసానికి ఉప్పు పట్టించడం: కోషర్ పద్ధతి, కారణాలు

యూదుల మత నియమాల ప్రకారం తినదగిన ఆహారాన్ని కోషర్ అంటారు. ఈ ఆహార నియమాల్లో చాలావాటికి వారి ధర్మగ్రంథం తోరా కారణం చెప్పదు. పందికి గిట్టలు చీలి ఉన్నా నెమరు వేయదు కాబట్టి తినకూడదని గుర్తు చెప్పి ఊరుకుంటుంది. రక్తం సంగతి వేరు. ప్రాణం రక్తంలో ఉంది, అది బలిపీఠం మీద ప్రాయశ్చిత్తానికి ఇచ్చినది, కాబట్టి తినకూడదని తోరాలోని లేవీయకాండం 17వ అధ్యాయం సూటిగా చెబుతుంది. రక్తం ద్వారా భూతాలతో పొత్తు కుదురుతుందని నమ్మే అన్యాచారాన్ని తుడిచేయడానికే ఈ నిషేధమని 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిదీస్ వివరించాడు. కేవలం ఆరోగ్యం కోసమే అనుకుంటే లెక్క కుదరదు: అప్పుడు బాగా ఉడికిస్తే సరిపోవాలి, చేపలకూ ఉప్పు పట్టించాలి. చేపలకు ఈ పని లేదు.

షోహెత్ (మత నియమం ప్రకారం జంతువులను కోసే వ్యక్తి) కోసిన కోషర్ జంతువు లేదా పక్షి మాంసమే తీసుకోవాలి. పశుమాంసమైతే నిషిద్ధమైన కొవ్వు, తొడ నరం ముందే తీసేసి ఉండాలి. ఆ లోపాలను ఉప్పు సరిచేయదు. ఇప్పుడు కోషర్ దుకాణాలు ఎక్కువగా ఉప్పు పట్టించే పని కూడా పూర్తిచేసే అమ్ముతాయి, అడిగి తెలుసుకోండి.

కోసిన 72 గంటల్లోపు పని మొదలుపెట్టాలి. ఆలోగా నీళ్లు తగలకపోతే రక్తం గట్టిపడిందని లెక్క. ఇక నిప్పు మీద కాల్చుకోవడమే దారి. గడ్డకట్టిన మాంసాన్ని పూర్తిగా కరగనివ్వాలి. కోడి ఈకలు ఊడడానికి వేడినీళ్లలో ముంచకూడదు, వేడి వల్ల రక్తం లోపలే ఉండిపోతుంది. గుండెను చీల్చి లోపలి రక్తం తీసేయాలి.

పైన అంటిన రక్తం కడిగి, ఈ పనికే కేటాయించిన గిన్నెలో మామూలు చల్లదనమున్న నీళ్లలో అరగంట నానబెట్టండి. పైభాగం మెత్తబడితేనే రక్తం బయటికి వస్తుంది. మరిచిపోయి 24 గంటలు వదిలేస్తే ఆ నీళ్లలో వండినట్టే లెక్క, మాంసం పనికిరాదు. తర్వాత కాసేపు నీరు ఓడనివ్వండి. మరీ తడిగా ఉంటే ఉప్పు కరిగిపోతుంది, మరీ ఆరితే అంటుకోదు.

ఉప్పు మధ్యస్థంగా బరకగా ఉండాలి. సన్నదైతే కరిగి రక్తాన్ని లాగదు, పెద్ద గళ్లయితే రాలిపోతాయి. అన్ని వైపులా, కోడికైతే పొట్ట లోపల కూడా, ఆ ఉప్పుతో తినలేనంతగా చల్లండి. వాలుగా పెట్టిన పలక మీదో చిల్లుల పళ్లెం మీదో గంటసేపు ఉంచండి; కోడి పొట్ట తెరిచిన వైపు కిందికి ఉండాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: రక్తం గుంటకట్టి మాంసం అందులో మునిగితే ఆ ముక్క చెడినట్టే. ఉప్పుతో 12 గంటలు దాటనివ్వకండి.

ఉప్పు దులిపి, రుద్దుతూ మూడుసార్లు కడగండి. గిన్నెలో కడిగితే ముందు నీళ్లు పోసి, ఆ తర్వాతే మాంసం వేయాలి. ఆపైన వంటలో ఊరే ఎర్రటి రసం మాంసరసమే, నిషిద్ధం కాదు.

ఖీమా చేయాలంటే ఉప్పు పట్టించి కడిగాకే. కార్జానికి ఈ పద్ధతి చాలదు, అందులో రక్తం అంత ఎక్కువ. అడ్డంగా లోతైన గాట్లు పెట్టి, కడిగి, కొద్దిగా ఉప్పు చల్లి, రక్తం కిందికి కారేలా నేరుగా మంట మీద కాల్చాలి. పైభాగం ఆరి రంగు మారాక మూడుసార్లు కడిగితే, కావాలంటే వేయించుకోవచ్చు.