తెల్లపూల సెంటుతో చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

మల్లె, జాజి, లిల్లీ, నారింజ పువ్వు, గార్డీనియా వంటి పూల చుట్టూ అల్లిన నిండైన సెంట్లను పెర్ఫ్యూమ్ రంగంలో వైట్ ఫ్లోరల్ అంటారు. ఇక్కడ లిల్లీ అంటే పెళ్లి దండల్లో గులాబీలతో కలిపి గుచ్చే సన్నని తెల్లపువ్వు. రజనీగంధ, నేల సంపెంగ అన్నా అదే. దాని పుట్టిల్లు మెక్సికో.

ఈ సెంట్ల మీద వినిపించే ఫిర్యాదుల్లో చాలావరకు సీసాలోని లోపాలు కావని నా గట్టి నమ్మకం. మోతాదు ఎక్కువై, వేళ తప్పి, చోటు కుదరక వచ్చే చిక్కులే ఎక్కువ. ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. వేసవి సాయంత్రాల్లో మూరల కొద్దీ మల్లెలు కొనే వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ఊళ్లలో పెరిగిన ముక్కు తెల్లపూలను చిన్నప్పుడే చదువుకుంది. ఖరీదైన సీసా ముందు ఆ ముక్కు బెదరాల్సిన పని లేదు.

కలరా ఉండల వాసన వస్తోంది

అన్నిటికంటే ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. దీనికి రెండు కారణాలు ఉండవచ్చు, రెంటికీ మందు వేరు.

మొదటిది ఇండోల్. మల్లె, జాజి, లిల్లీ, నారింజ పువ్వు, అన్నిటిలోనూ సహజంగా ఉండే పదార్థం ఇది. ఒక్కదాన్నే చిక్కగా వాసన చూస్తే కలరా ఉండలు, మురుగు గుర్తొస్తాయి. బాగా పలచబడి మిగతా పూల పదార్థాలతో కలిసినప్పుడు అదే మల్లెకు మత్తు, లోతు ఇస్తుంది. ఇండోల్ పూర్తిగా తీసేసిన మల్లె సెంటు శుభ్రంగానే ఉంటుంది కానీ అందులో రాత్రి ఉండదు. కాబట్టి ఆ వాసన కాస్త తగిలిందని సీసాను తప్పుపట్టకండి.

రెండో కారణం మీ బీరువా. పట్టుచీరల మడతల్లో పెట్టిన ఉండల వాసన బట్టకు పట్టి, ఒంటి వేడికి పైకి లేస్తుంది. దానికి సెంటులోని ఇండోల్ తోడైతే రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

ఏది కారణమో తేల్చడం తేలిక. తెల్ల కాగితం ముక్క మీద ఒకసారి సెంటు కొట్టి, చీర ఉన్న గదికి దూరంగా తీసుకెళ్లి వాసన చూడండి. కాగితం మీద కూడా వస్తే ఇండోల్. రాకపోతే చీర. చీరదైతే పెళ్లికి రెండు మూడు రోజుల ముందే తీసి నీడలో, గాలి ఆడే చోట ఆరేయండి. ఇండోల్ అయితే ఒంటి మీద మోతాదు సగానికి తగ్గించి, ముక్కుకు దగ్గరగా కాకుండా మోచేతి మడతలో రాసుకుని చూడండి. దూరం నుంచి అది పువ్వుగా మారుతుంది. అప్పటికీ సహించకపోతే అది మీ సెంటు కాదు. ఆ మాట అనడానికి మొహమాటం అక్కర్లేదు.

నొప్పుల బామ్ రాసుకున్నట్టు ఉంది

ఇది లిల్లీ ప్రధానంగా ఉన్న సెంట్లలో వస్తుంది. బామ్‌లకు ఆ వాసన తెచ్చే మిథైల్ సాలిసిలేట్ లిల్లీ పువ్వులోనే ఉంది. మీ ముక్కు పొరబడలేదు, సరిగ్గానే పట్టింది.

కొందరు తయారీదారులు ఈ గుణాన్ని దాచకుండా కావాలనే ముందుకు తెస్తారు. 1999లో క్రిస్టఫర్ షెల్‌డ్రేక్ సెర్జ్ లూటెన్స్ సంస్థ కోసం చేసిన ట్యుబెరూజ్ క్రిమినెల్ అనే సెంటు మొదటి నిమిషాల్లో కర్పూరం, బామ్ కలిసి కొట్టినట్టు ఉంటుంది. ఓపిక పడితే ఆ తెర తొలగి వెన్నలాంటి పువ్వు బయటికొస్తుంది. 2005లో డొమినిక్ రోపియన్ ఫ్రెడెరిక్ మాల్ సంస్థ కోసం చేసిన కార్నల్ ఫ్లవర్ కూడా పచ్చిగా, నీలగిరి ఆకు చల్లదనంతో మొదలవుతుంది. ఈ దారికి పూర్తిగా అవతల నిలిచేది జెర్మెయిన్ సెలియే 1948లో రాబర్ట్ పిగే సంస్థకు చేసిన ఫ్రకాస్. అందులో లిల్లీ మొదటి నుంచీ వెన్న, క్రీమ్, తీపి. ఇప్పటికీ లిల్లీ సెంట్లను దాని పక్కన పెట్టి మాట్లాడతారు.

పరిష్కారం ఓపికే. అరగంట ఆగండి. అప్పటికీ బామ్ వదలకపోతే తీపి, క్రీమ్ వైపు మొగ్గే సెంటును వెతుక్కోండి. ఇంట్లో ఎవరైనా నిజంగానే మోకాళ్లకు బామ్ రాసుకునే గదిలో మాత్రం లిల్లీ సెంటు బాగోగులు తేల్చకండి.

పెట్టె మీద జాస్మిన్ అని ఉంది, మల్లెలా మాత్రం లేదు

కారణాలు మూడు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

ఒకటి, జాస్మిన్ అన్నంత మాత్రాన మల్లె కాదు. ఫ్రెంచి సెంట్లలో పాత కాలం నుంచీ వాడుతున్నది ఎక్కువగా జాజి జాతి. దాని వాసన పండులా, వెచ్చగా ఉంటుంది. మన మల్లెను పెర్ఫ్యూమ్ వాళ్లు సాంబాక్ అంటారు. ఇది పచ్చిగా, కాస్త నారింజ పువ్వు ఛాయతో ఉంటుంది. జడలోని మల్లె కావాలంటే వివరాల్లో సాంబాక్ అనే మాట ఉందా అని చూడండి.

రెండు, పువ్వు వేరు, పువ్వు నుంచి తీసిన సారం వేరు. ద్రావకంతో తీసే మల్లె సారం కిలో కావాలంటే వందల కిలోల పూలు కావాలి. చెట్టు మీద గాలిలోకి వచ్చే తేలికైన, పచ్చి పదార్థాల పాళ్లు ఆ క్రమంలో మారిపోతాయి, బరువైనవి ముందుకొస్తాయి. అందుకే సారం తేనెలా, టీ ఆకులా, ఒక్కోసారి తోలులా కూడా అనిపిస్తుంది. గార్డీనియా సంగతి ఇంకా వేరు. వాడుకకు సరిపడా సారం ఆ పువ్వు నుంచి రాదు, కాబట్టి సీసాల్లోని గార్డీనియా దాదాపు ఎప్పుడూ ఇతర పదార్థాలతో కూర్చిన రూపమే. దాన్ని మోసం అనకూడదు, చేతిపనిగా చూడాలి.

మూడు, మీరు పోల్చే పువ్వు ఏ వేళది? మల్లెను మొగ్గగా కోస్తారు, అది సాయంత్రం విచ్చుకుని రాత్రికి నిండుగా పరిమళిస్తుంది. కోసిన తరువాత కూడా వాసన విడుస్తూనే ఉండే గుణం మల్లెకూ లిల్లీకీ ఉంది. ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణంలో కొవ్వు పూసిన అద్దాల మీద పూలు పరిచి పరిమళం పట్టే పద్ధతి, మన దేశంలో నువ్వుల పొరల మధ్య పూలు పరిచి తైలం తీసే పద్ధతి ఈ గుణం మీదే ఆధారపడ్డాయి.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. సాయంత్రం గుడి ముందు ఒక మూర మల్లెలు కొని, నీళ్లు చల్లిన గిన్నెలో పెట్టండి. ఆరింటికి సెంటును కాగితం మీద కొట్టి మరో గదిలో ఉంచండి. ఎనిమిదింటికి ముందు పువ్వును, తరువాత కాగితాన్ని చూడండి. మళ్లీ తెల్లారి, రేకుల అంచులు గోధుమ రంగుకు తిరిగిన అవే పూలను, అదే కాగితాన్ని చూడండి. సెంటు ఏ పువ్వుకు దగ్గరగా ఉందో మీకే తెలుస్తుంది. కొన్ని సాయంత్రపు మల్లెలు, కొన్ని తెల్లారి మల్లెలు. రెండూ నిజమే. నాకైతే తెల్లారి మల్లె ఛాయ కొంచెమైనా ఉన్న సెంటే నిలకడగా నచ్చుతుంది.

మన పెరటి పువ్వు ఒకటి సీసాలోకి ఎక్కిన సంగతి కూడా చెప్పాలి. 2017లో ఆల్బెర్టో మొరియాస్ చేసిన గుచ్చి బ్లూమ్‌లో లిల్లీ, జాజి మొగ్గలతో పాటు రంగూన్ క్రీపర్ పేరు ఉంటుంది. అది మన ప్రహరీ గోడల మీద తెల్లగా విచ్చి ఎర్రగా మారే రాధామనోహరమే.

తల పట్టేస్తోంది, పక్కవాళ్లు జరుగుతున్నారు

కారణం మోతాదు, దానికి తోడు ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాల్లో సెంటు ఒంటి మీద నుంచి ఒక్కసారిగా లేస్తుంది. చలిదేశంలో మూడుసార్లు కొట్టుకునేలా కూర్చిన సెంటుకు ఇక్కడ ఒక్కసారి చాలు. సీసా మీద ఏముందో కూడా చూడండి. ఓ ద తువాలెట్ తేలిక, ఓ ద పర్ఫమ్ చిక్కన, ఎక్స్‌ట్రే మరీ చిక్కన. స్ప్రే లేని అత్తరు అయితే పుల్ల కొనతో అంటినంత చాలు.

తెల్లపూల ఘాటు ఊళ్లనే ఇబ్బంది పెట్టిన చరిత్ర ఉంది. 1981లో వచ్చిన జార్జియో బెవర్లీ హిల్స్ అనే సెంటు ఎంత గుప్పుమనేదంటే అమెరికాలో కొన్ని రెస్టారెంట్లు దాన్ని రానివ్వలేదు.

పగటి పెళ్లయితే చీర కట్టుకోవడానికి ఇరవై నిమిషాల ముందు, ఒంటి మీద, బట్ట కప్పే చోట ఒక్కసారి. రాత్రి రిసెప్షన్ అయితే రెండు. జడలో పూలు పెట్టుకుంటే సెంటు అసలు వద్దు, లేదా పూల వాసన ముందుండేలా చేతి మడతలో మాత్రమే. హనుమకొండ నుంచి హైదరాబాద్‌కు ఏసీ బస్సు ఎక్కేటప్పుడు, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు, పసిపిల్లను చూడబోయేటప్పుడు తెల్లపూలు వేసుకోకండి. మూసిన గాలిలో తప్పించుకునే దారి పక్కవాళ్లకు ఉండదు.

ఇప్పటికే ఎక్కువైందా? సబ్బు ఒక్కదానికి సెంటు పూర్తిగా లొంగదు. దూదికి కొబ్బరినూనె అద్ది తుడిచి, ఆ తరువాత సబ్బుతో కడగండి. నూనె సెంటును తనలోకి లాక్కుంటుంది.

అరగంటకే పోయింది

పోలేదు, మీ ముక్కు అలవాటు పడింది. ఎడతెగని వాసనను మెదడు పక్కన పెట్టేస్తుంది. ఇంకోసారి కొట్టుకోవడమే పైన చెప్పిన తలనొప్పికి మూలం. మెడ దగ్గర రాసుకుంటే ముక్కు త్వరగా అలవాటు పడుతుంది కాబట్టి చోటు మార్చండి. అనుమానం ఉంటే బయట నుంచి వచ్చిన చెల్లెలినో వదిననో అడగండి. వాళ్లకూ తెలియకపోతే అప్పుడు నిజంగానే పోయినట్టు. పొడి చర్మం మీద సెంటు త్వరగా ఎగిరిపోతుంది, వాసన లేని క్రీమ్ ముందుగా రాసుకుంటే నిలుస్తుంది.

దుకాణంలో నచ్చింది, ఇంట్లో వెగటు పుట్టింది

దుకాణంలో మీరు చూసింది మొదటి పది నిమిషాలు. నిమ్మ జాతి పండ్లు, ఆకుపచ్చ వాసనలు వంటి తేలికైనవి ముందు మాట్లాడి వెళ్లిపోతాయి. తెల్లపూలు నిలబడి మాట్లాడేది తరువాతే, కొనేటప్పుడు అవి మీకు వినపడనే లేదు. చౌరస్తాలో సెంటు చూసి అక్కడే డబ్బు కట్టకండి. ఒక చేతి మీద ఒక్కటే రాయించుకుని, పనులు చూసుకుని ఇంటికి వెళ్లి, రాత్రి భోజనం తరువాత చేయి వాసన చూడండి. అప్పుడు కూడా మళ్లీ చూడాలనిపిస్తే కొనండి.

ఒకే పూటలో మూడు నాలుగుకు మించి చూడకండి. మధ్యలో కాఫీ గింజలు వాసన చూడమంటారు, దానికంటే బయటి గాలి మేలు. మిర్చి సీజనులో ఏనుమాముల మార్కెట్ వైపు వెళ్లి వచ్చిన రోజు ఆ పని పెట్టుకోవద్దు. ఘాటుకు చెమ్మగిల్లిన ముక్కు పువ్వుకు న్యాయం చేయలేదు.

అగరుబత్తిలా, సబ్బులా ఉంది

మల్లె వాసనకు ముఖ్యమైన బెంజైల్ అసిటేట్ చవకగా తయారవుతుంది, అందుకే సబ్బుల్లో, అగరుబత్తుల్లో విరివిగా వాడతారు. సెంటు మొదటి నిమిషాల్లో అది గుర్తొస్తే తప్పు లేదు. రెండు గంటల తరువాత కూడా అదొక్కటే, మార్పు లేకుండా, చదునుగా ఉంటే మాత్రం కూర్పు బీదది. ధర ఎంతైనా సరే, నేను దాన్ని మంచి సెంటు అనను.

తెల్లబట్ట మీద మరక, ఒంటి మీద దద్దుర్లు

సారంలో సహజంగానే రంగు ఉంటుంది. పైగా నారింజ పువ్వు, మల్లె వాసనల్లో ఉండే మిథైల్ ఆంత్రనిలేట్ సెంట్లలో వాడే ఆల్డిహైడ్లు అనే పదార్థాల్లో కొన్నిటితో కలిసి పసుపు, నారింజ రంగు పదార్థాలను పుట్టిస్తుంది. తెల్ల పంచె, పట్టు, జరీ మీద నేరుగా కొట్టకండి.

దురద, మంట వస్తే వెంటనే కడిగి, వాడటం ఆపండి. తగ్గకపోతే చర్మవైద్యుణ్ని చూడాలి. కొత్త సెంటు ఏదైనా ముందు మోచేతి లోపలివైపు చుక్క రాసి ఒక రోజు ఆగడం మంచి అలవాటు. సహజం అన్నంత మాత్రాన మల్లె సారం అందరికీ పడుతుందని లేదు.

సీసాలో రంగు ముదిరింది

లేత పసుపు ముదురు తేనె రంగుకు మారడం తెల్లపూల సెంట్లలో మామూలే, ఇండోల్ కూడా అందుకు కారణం. రంగు చూసి పారేయకండి, కాగితం మీద చూడండి. మొదటి నిమిషం పుల్లగానో, వార్నిష్‌లానో ఉండి, పది నిమిషాలకు పువ్వు తిరిగి వస్తే ఇంకా వాడుకోవచ్చు. పువ్వు రాకపోతే పాడైనట్టే. పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువా మే నెలలో పొయ్యిలా కాగుతుంది, సీసాను అక్కడ ఉంచకండి. అద్దం ముందు, కిటికీ వెలుగులో కూడా వద్దు. దాని అట్టపెట్టెలోనే పెట్టి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, కింది అరలో ఉంచండి.