పొగ మానిపించే ఫోన్ సందేశాలు మనిషికి అతకనప్పుడు: సమస్య - పరిష్కారం

ఫారం నింపించడం, ప్రశ్నావళికి స్కోరు వేయడం, సందేశాలను షెడ్యూల్ చేయడం తెలిసినవారి కోసం ఇది రాస్తున్నాను. విశాఖలో పొగ మానాలనుకునేవారికి ఫోన్ సందేశాలు పంపే కార్యక్రమం నడుపుతూ, అవి పనిచేయడం లేదని నాకు ఫోన్ చేసేవారిని మొదట ఒకే ప్రశ్న అడుగుతాను: ఎవరో ఒక్క మనిషి రికార్డు తెరిచి, అతనికి వెళ్లిన సందేశాలన్నిటినీ మొదటి రోజు నుంచి వరసగా చదివారా? చదివామన్నవారు నాకు అరుదుగా తగిలారు. అందరూ డాష్‌బోర్డులో పచ్చ టిక్కు చూసి, సందేశం చేరింది కాబట్టి సరైన సందేశమే చేరిందని అనుకుంటారు. దయచేసి ముందు ఆ పని చేసి, తర్వాత కింది భాగం చదవండి.

మూడు రోజులకే జవాబులు ఆగిపోతున్నాయి

మానే తేదీ చూడండి. చాలా ఫారాల్లో ఆ గడి ఖాళీగా వదిలితే నమోదు చేసుకున్న తేదీయే అందులో పడిపోతుంది. ఇంకా మానాలా వద్దా అని ఊగుతున్న మనిషికి, చేతిలో సిగరెట్ వెలుగుతుండగానే, “మీరు మానేసి ఇది మూడో రోజు, అభినందనలు” అని వస్తే అతను మళ్లీ ఎందుకు జవాబిస్తాడు? తేదీని విడిగా, తప్పనిసరిగా అడగండి. రెండు వారాల లోపు ఒక రోజును అతనిచేతే ఎంచుకోనివ్వండి. ఖాళీగా ఉంటే సన్నాహపు సందేశాలు మాత్రమే వెళ్లేలా చేయండి.

పేరు పెట్టి పలకరించినా పరాయిగా ఉంది

మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. సాఫ్ట్‌వేర్ మొదటి మాటను అసలు పేరుగా తీసుకుని “నమస్కారం బొడ్డేపల్లి గారూ” అంటుంది. “మిమ్మల్ని ఏమని పిలవాలి?” అని అడిగితే సరిపోతుంది. అయితే పేరు సరిచేసినంత మాత్రాన సందేశం ఆ మనిషిది అయిపోదు.

బాగా అలవాటుపడినవారికి తేలికపాటి సందేశాల వరుస వెళ్తోంది

నేను దెబ్బతిన్నది ఇక్కడే. గాజువాక వైపు ఒక కర్మాగారంలో కార్మికుల కోసం ఈ కార్యక్రమం పెట్టినప్పుడు ప్రశ్నావళిని తెలుగు చేసింది నేనే. నికోటిన్‌కు ఎంత లొంగిపోయారో కొలిచే ఫాగర్‌స్ట్రామ్ పరీక్షలో 6 ప్రశ్నలు, మొత్తం 10 పాయింట్లు ఉంటాయి. ఎవరికి ఏ సందేశాల వరుస వెళ్లాలో ఆ స్కోరే నిర్ణయిస్తుంది. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారన్న ప్రశ్నకు 5 నిమిషాల లోపైతే 3, అరగంట లోపైతే 2, గంట లోపైతే 1, ఆ తర్వాతైతే సున్నా. చదవడానికి హాయిగా ఉంటుందని నేను దాన్ని “ఉదయం ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారు?” అని రాశాను. ముందుగా పరీక్షించి చూసినవారంతా పగటి ఉద్యోగులే కాబట్టి ఎవరికీ తప్పు కనిపించలేదు.

రాత్రి షిఫ్టులో ఉన్న ఒక క్రేన్ ఆపరేటర్ దానికి “గంట తర్వాత” అని నొక్కాడు. మూడు వారాల పాటు అతనికి “మీ అలవాటు తేలికైనదే, కాస్త మనసు పెడితే చాలు” అనే ధోరణిలో సందేశాలు పంపించాం. చివరికి “నా సంగతి మీకు తెలీదు, ఇవి ఆపండి” అని ఒకే ఒక్క జవాబు వచ్చింది. ఒక మధ్యాహ్నం రెండు గంటలకు కూర్మన్నపాలెంలోని అతని ఇంటికి వెళ్లాను. వెలుతురు రాకుండా కిటికీకి పాత దుప్పటి కట్టి ఉంది. లేచి కూర్చుంటూనే, ముఖమైనా కడుక్కోకుండా, తలగడ పక్కనున్న పెట్టె తీసి వెలిగించాడు. ఆ తర్వాతే ఫోన్ అందుకున్నాడు. అందులో ఉదయం ఏడింటికి మేము పంపిన సందేశం తెరవకుండానే ఉంది. ఫారంలో ఆ జవాబు ఎందుకిచ్చారని అడిగితే, “పొద్దుట నేను కాల్చనండి, డ్యూటీ దిగొచ్చి పడుకుంటాను కదా” అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు.

ఈ ఒక్క మాట ఎంత నష్టం చేస్తుందో లెక్క వేయండి. లేచిన తొలి గంటల్లో ఎక్కువ కాలుస్తారా అన్న ప్రశ్నలోనూ నేను “ఉదయం” అన్న మాటే పెట్టాను. ఏ సిగరెట్ వదులుకోవడం కష్టమన్న ప్రశ్నలోనైతే “ఉదయపు మొదటిది” అన్న మాట ఇంగ్లీషు మూలంలోనే ఉంది. అంటే 3, 1, 1 కలిపి 10లో 5 పాయింట్లు ఉదయం అన్న మాట మీదే ఆధారపడ్డాయి. రోజుకు పదిహేను కాలుస్తాడు కాబట్టి 1, కాల్చకూడని చోట ఆగలేడు కాబట్టి 1, జ్వరంతో మంచం పట్టినా కాలుస్తాడు కాబట్టి 1 చొప్పున అతనికి 3 వచ్చి తక్కువ వర్గంలో పడ్డాడు. నిజానికి రావలసినది 8, అది చాలా ఎక్కువ వర్గం. నికోటిన్ గమ్ మోతాదుకూ సాధారణంగా ఇదే కొలమానం: లేచిన అరగంట లోపు వెలిగించేవారికి 4 మిల్లీగ్రాములు, మిగిలినవారికి 2. మానేసిన మొదటి వారంలో తపన అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే అతన్ని డాక్టరు దగ్గరికి పంపకుండా మేము మాటలతో సరిపెట్టాం.

మీ దగ్గర ఇది ఉందో లేదో తెలుసుకోవడానికి రోజుకు పదికి మించి కాలుస్తూ “గంట తర్వాత” అని చెప్పినవారి జాబితా తీసి, అందులో కొందరికి ఫోన్ చేసి, ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తారో అడగండి. ప్రశ్నను “నిద్ర లేచాక, అది ఏ వేళైనా సరే, ఎన్ని నిమిషాలకు వెలిగిస్తారు?” అని మార్చండి. ప్రశ్న మార్చి పాత స్కోర్లను అలాగే వదిలేయడం అందరూ చేసే తప్పు. పాతవారిని మళ్లీ అడిగి వరుస మార్చాలి. సందేశాల్లోనూ “ఉదయం” అని వెతికి, అది నిజంగా గడియారపు ఉదయమో నిద్ర లేవడమో ఒక్కొక్కటిగా తేల్చండి. వారంవారం షిఫ్ట్ మారేచోట పంపే వేళను షిఫ్ట్ చార్టుతో ముడిపెట్టాలి.

పొగ తాగేవారికి “మీరు తాగరు” అని వెళ్తోంది

“రోజుకు ఎన్ని సిగరెట్లు?” అంటే చుట్ట కాల్చేవారు నిజాయతీగా సున్నా అంటారు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలు తమను పొగతాగేవారిగా లెక్కించుకోరు. వారికి పళ్ల గార గురించి పంపితే ఉపయోగం లేదు. మార్పులు వచ్చేది అంగిలిలో కాబట్టి అది చూపించుకోమని చెప్పాలి. ఒకే చుట్టను ఆర్పి మళ్లీ వెలిగిస్తారు కాబట్టి ఎన్ని అని కాకుండా ఎన్నిసార్లు వెలిగిస్తారని అడగండి. ఫోన్ ఎవరిదో కూడా అడగండి. చాలాసార్లు అది కొడుకుది, అమ్మకు రావలసిన సందేశం అతను చదివి చెరిపేస్తాడు. ఆమె ఇంట్లో ఉండే వేళకు వాయిస్ కాల్ పెట్టడం మేలు.

పదకొండు రోజుల సందేశాలు ఒకేసారి పడుతున్నాయి

ఫిషింగ్ హార్బర్‌లో మాత్రమే చూశాను. బోటు సముద్రంలో ఉన్నన్నాళ్లూ సిగ్నల్ ఉండదు; ఒడ్డుకు రాగానే వాట్సాప్‌లో అన్నీ కుప్పగా వస్తాయి. వేటకు వెళ్లే, వచ్చే తేదీలు అడిగి ఆ మధ్య వరుసను నిలిపివేయండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ 61 రోజుల్లో మానినవారికి, మళ్లీ బోటెక్కే ముందు వారం సందేశాలు ప్రత్యేకంగా రాయాలి.

సర్వర్ ఆగిపోవడం, నంబరు తప్పుపడటం వంటివి అరుదు, వాటంతట అవే బయటపడతాయి. ఎస్సెమ్మెస్ అసలే వెళ్లకపోతే, ముందుగా నమోదు చేయించిన టెంప్లేట్‌కూ (సందేశపు నమూనాకూ) మీరు మార్చిన వాక్యానికీ తేడా ఉందేమో చూడండి. తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షర సంకేతాలే పడతాయి, గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్కకు వస్తాయి.